అటక మీది హీ-మ్యాన్‌కు ముసలితనం ఎలా వస్తుంది?

భిలాయి టౌన్‌షిప్‌లో ఉద్యోగి రిటైరయితే కంపెనీ క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ముప్ఫై ఏళ్లు ఒకే ఇంట్లో కాపురమున్న కుటుంబం అప్పుడు అటక మీది రేకుపెట్టెలన్నీ కిందికి దించుతుంది. 1959 ఫిబ్రవరి 4న ఇక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన నాటి నుంచీ ఉత్తరాంధ్ర జిల్లాల వాళ్లు ఎందరో ఈ ఊరికి వచ్చి స్థిరపడ్డారు. కాబట్టి ఒక పెట్టెలో బొమ్మల కొలువు సామాను ఉండటంలో వింత లేదు. మరో పెట్టెలో పిల్లల బొమ్మలుంటాయి. ఆ పిల్లలకిప్పుడు నలభై దాటి ఉంటుంది.

ఆ రెండో పెట్టె తెరిచి చూడండి. కండలు తిరిగిన హీ-మ్యాన్ చేతికి జిగటగా తగులుతాడు. జి.ఐ.జో సైనికుడు నడుము దగ్గర రెండు ముక్కలై ఉంటాడు. తెల్లని రోబో పసుపు పచ్చగా మారిపోయి ఉంటుంది. ఎవరూ ఆడలేదు, ఎవరూ విరగ్గొట్టలేదు. మరి ఎలా పాడయ్యాయి? కబాడీ అతనికి వేసేముందు ఈ సంగతి కాస్త తెలుసుకుందాం. ఎందుకంటే వీటిలో కొన్ని బాగు చెయ్యదగినవి, కొన్ని ఇంకా పాడుకాకుండా ఆపదగినవి, కొన్నింటి కోసం విదేశాల్లోని సేకర్తలు సైతం వెతుకుతున్నారు.

ముందు కొంచెం చరిత్ర. 1964లో అమెరికాలో హాస్‌బ్రో కంపెనీ జి.ఐ.జో అనే సైనికుడి బొమ్మను అమ్మకానికి పెట్టింది. ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు. మగపిల్లలకు ‘డాల్’ అంటే ఎవరూ కొనరని భయపడి దాన్ని ‘యాక్షన్ ఫిగర్’ అన్నారు. ఆ పేరే ఈ జాతి బొమ్మలన్నింటికీ స్థిరపడింది. 1978లో కెన్నర్ కంపెనీ స్టార్ వార్స్ సినిమా బొమ్మలను తొమ్మిదిన్నర సెంటీమీటర్ల ఎత్తులో తెచ్చింది. బొమ్మ చిన్నదైతే ప్లాస్టిక్ తక్కువ పడుతుంది, పైగా దానికి తగిన వాహనాలు కూడా అమ్మవచ్చు! 1982లో జి.ఐ.జో కూడా ఆ ఎత్తుకే కుదించుకుని తిరిగి వచ్చాడు. అదే ఏడాది మ్యాటెల్ కంపెనీ హీ-మ్యాన్‌ను తెచ్చింది. ఇది సుమారు 14 సెంటీమీటర్లు.

మన దేశానికి ఇవి ఎలా వచ్చాయి? దూరదర్శన్‌లో హీ-మ్యాన్ కార్టూన్ చూసిన పిల్లలకు ‘లియో’ పేరుతో ఆ బొమ్మలు దుకాణాల్లో దొరికాయి. 1987లో ఎం.ఆర్.ఎఫ్., హాస్‌బ్రో కలిసి ఫన్‌స్కూల్ సంస్థను స్థాపించాయి. గోవా ఫ్యాక్టరీలో జి.ఐ.జో బొమ్మలు తయారయ్యాయి. ఇక్కడొక విశేషముంది. ప్లాస్టిక్ బొమ్మలో ఖరీదైన భాగం ప్లాస్టిక్ కాదు, దాన్ని పోతపోసే ఉక్కు అచ్చు. 200 డిగ్రీలు దాటిన వేడిలో కరిగిన ప్లాస్టిక్‌ను గట్టి పీడనంతో ఈ అచ్చులోకి కొడతారు. ఒక్క అచ్చు లక్షల బొమ్మలను ఇవ్వగలదు. (ఇది మన భిలాయి పట్టాల ఉక్కు కాదండోయ్! క్రోమియం, మాలిబ్డినం కలిపిన ప్రత్యేకమైన మిశ్రమ ఉక్కు.) అమెరికాలో పని ముగిసిన అచ్చులను హాస్‌బ్రో మన దేశానికీ, బ్రెజిల్ వంటి దేశాలకూ పంపేది. రూపం అదే, కానీ ఇక్కడ పోసిన ప్లాస్టిక్ రంగులు వేరు, పెయింటు వేరు. ఒక్కోసారి తల ఒకరిది, మొండెం మరొకరిది. అమెరికాలో ఏనాడూ రాని ఆ రంగుల కోసమే అక్కడి సేకర్తలు ఫన్‌స్కూల్ బొమ్మలను వెతుకుతారు.

ఇక రోగాల సంగతి చూద్దాం.

జి.ఐ.జో వీపున ఉన్న చిన్న స్క్రూ విప్పితే మొండెం ముందు సగం, వెనుక సగంగా విడిపోతుంది. లోపల నల్లని రబ్బరు వలయం ఒకటి కనిపిస్తుంది. దీన్ని ఓ-రింగ్ అంటారు. దాని ఒక కొస కాళ్లను కలిపే కొక్కేనికీ, మరో కొస ఛాతీలో స్క్రూ దిగే స్తంభానికీ తగిలి ఉంటుంది. అంటే పైభాగాన్నీ కాళ్లనూ కలిపి ఉంచేది ఈ సాగిన రబ్బరు ఒక్కటే! బొమ్మ నడుము వంగినా, పక్కకు తిరిగినా అంతా దాని చలవే. అందుకే ఆ రోజుల్లో ఇంత చిన్న బొమ్మకు ఇన్ని కదలికలు సాధ్యమయ్యాయి. అయితే ఈ ఓ-రింగ్ ఏళ్ల తరబడి రాత్రింబవళ్లు సాగే ఉంటుంది. రబ్బరు అంటే పొడవాటి అణు గొలుసులు. వాటిలో అక్కడక్కడ జంట బంధాలుంటాయి. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ ఆ జంట బంధాల మీద దాడి చేసి గొలుసును తెంచుతాయి. ఓజోన్ అనగానే ఆకాశంలో ఎక్కడో ఉన్న పొర గుర్తుకొస్తుంది గానీ, వాహనాల పొగ మీద ఎండపడితే నేల మట్టంలో కూడా అది పుడుతుంది. రబ్బరు సాగి ఉంటే తెగిన కొసలు మళ్లీ దగ్గరకు రాలేవు. బీట పుడుతుంది, పెరుగుతుంది. ఒకరోజు మీరు బొమ్మను చేతిలోకి తీసుకోగానే టప్పున తెగుతుంది.

ఈ రోగానికి మందు తేలిక. అదే మందమున్న కొత్త ఓ-రింగ్ వేస్తే బొమ్మ లేచి నిలబడుతుంది. బిగువుగా ఉంటుందని లావుపాటి వలయం వేస్తే మాత్రం నడుము ముక్క చీలిపోతుంది. బిగించేటప్పుడు స్క్రూ ఆగిన చోటే మీరూ ఆగండి. పాత ప్లాస్టిక్‌లో మరలు అరిగితే మళ్లీ రావు.

జిగట రోగం వేరు. బొమ్మల్లో మెత్తని భాగాలు తరచుగా పి.వి.సి. ప్లాస్టిక్‌తో చేసినవే ఉంటాయి. నిజానికి పి.వి.సి. గట్టి పదార్థం. ఇళ్లల్లో నీటి గొట్టాలు చూస్తున్నాం కదా! దాన్ని మెత్తబరచడానికి నూనెలాంటి ద్రవాన్ని కలుపుతారు. దీన్ని ప్లాస్టిసైజర్ అంటారు. ఒక్కోసారి బొమ్మ బరువులో మూడోవంతు దాకా ఈ ద్రవమే ఉంటుంది. ఇది పి.వి.సి. గొలుసులతో రసాయనికంగా కలిసిపోదు, వాటి మధ్య ఇరుక్కుని ఉంటుందంతే. కాలం గడిచేకొద్దీ మెల్లగా ఉపరితలానికి చేరుతుంది. మీ చేతికి తగిలిన జిగట అదే. దుమ్ము దానికి అంటుకుంటుంది. ద్రవం పోయినకొద్దీ బొమ్మ బిరుసెక్కి, కుదించుకుని, చివరకు పగులుతుంది.

దీనికి నిదర్శనం మీ పిల్లల జామెట్రీ పెట్టెలోనే ఉంది. పెన్సిలు చెరిపే రబ్బరు ప్లాస్టిక్ స్కేలుకు అతుక్కుపోయి, తీస్తే స్కేలు మీద గుంట పడి ఉండటం మీరు చూసే ఉంటారు. చాలా చెరుపుడు రబ్బర్లు నిజానికి మెత్తని పి.వి.సి.యే. అందులోని ప్లాస్టిసైజర్ స్కేలులోకి పాకి దాన్ని కరిగించింది. పెట్టెలో ఒకదానిమీద ఒకటి పడేసిన బొమ్మల్లోనూ ఇదే జరుగుతుంది. మెత్తని బెల్టు గట్టి కవచం మీద తన అచ్చు వేస్తుంది. ఆ మచ్చ ఎన్నటికీ పోదు.

ఇక పసుపు రంగు. తెల్లని, బూడిద రంగు గట్టి భాగాలు ఎక్కువగా ఎ.బి.ఎస్. ప్లాస్టిక్‌వి. అందులో దెబ్బకు ఓర్చుకోవడానికి రబ్బరులాంటి పదార్థం కలిసి ఉంటుంది. వెలుతురులోని అతినీలలోహిత కిరణాల వల్ల, వేడి వల్ల అది ఆక్సిజన్‌తో కలిసి రంగు మారుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి వెలుతురులో ఉంచితే తెలుపు తిరిగి వస్తుందని 2008 నాటికి పాత కంప్యూటర్ల అభిమానులు కనిపెట్టారు. రంగు వస్తుంది, నిజమే. కానీ పోయిన బలం రాదు, పసుపు కూడా కొన్నాళ్లకు తిరిగి రావచ్చు. ఆ ద్రవం చర్మాన్ని కాలుస్తుంది కూడా. పచ్చబడ్డ బొమ్మను పచ్చగానే ఉండనివ్వడం మేలని నా అభిప్రాయం.

మీ చేతిలోని ముక్క ఏ ప్లాస్టిక్కో తెలియడం లేదా? విరిగిన చిన్న ముక్క ఉంటే నీళ్లలో వెయ్యండి. తేలితే అది పాలిథిన్ లేదా పాలిప్రొపిలీన్. మునిగితే, ఇక కరగనంత ఉప్పు కలిపిన నీళ్లలో వేసి చూడండి. ఎ.బి.ఎస్. తేలుతుంది, పి.వి.సి. సాధారణంగా మునిగిపోతుంది. ముక్క లోపల బోలుగా ఉండకూడదు, గాలి బుడగలు అంటుకుని ఉండకూడదు.

కొనేటప్పుడు గానీ, బొమ్మ గుణగుణాలు బేరీజు వేసేటప్పుడు గానీ ఈ జ్ఞానమే పనికొస్తుంది. వీపు మీది సంవత్సరాన్ని చూసి మోసపోకండి. హీ-మ్యాన్ వీపున 1981 అని ఉంటుంది, కానీ బొమ్మ అంగడికి వచ్చింది 1982లో. అది రూపం మీద హక్కు నమోదైన సంవత్సరం, ఆ బొమ్మ పోతపోసిన సంవత్సరం కాదు. ఏళ్ల తర్వాత మరో దేశంలో చేసిన బొమ్మ మీద కూడా పాత అంకే ఉండగలదు. రెండు సగాలు కలిసే అంచున వేలు పెట్టి తడమండి. పలుచని రెక్కలాంటి ప్లాస్టిక్ పొడుచుకు వస్తే అచ్చు అరిగిందని అర్థం. చాలా బొమ్మలు పోసిన అచ్చులో ఇది సహజం. జి.ఐ.జో అయితే బొటనవేళ్లు చూడాలి, తుపాకీ పట్టించి పట్టించి అవే ముందు విరుగుతాయి. తరువాత నడుము కింది ముక్క.

చిన్నప్పటి బొమ్మల మీది ఈ మమకారాన్ని కంపెనీలూ కనిపెట్టాయి. 2007లో జి.ఐ.జో పాతికేళ్ల పండుగకు వచ్చిన బొమ్మల్లో ఓ-రింగ్ లేదు, దాని బదులు బంతి కీళ్లు పెట్టారు. 2020లో మ్యాటెల్ తెచ్చిన ‘ఆరిజిన్స్’ హీ-మ్యాన్ పాత ఎత్తులోనే, పాత ముఖంతోనే ఉంటాడు. పాతవాడికి మోచేతులు, మోకాళ్లు వంగేవి కావు, వీడికి వంగుతాయి. వీటిని సమీక్షించేవాళ్లు పెట్టె తెరిచిన రోజే కీళ్లు లెక్కపెట్టి, పెయింటు చూసి తీర్పు చెప్పేస్తారు. నన్నడిగితే ఒక ఎండాకాలం గడిచాక మరోసారి రాయాలి. నిలబెట్టిన బొమ్మ మోకాళ్లు వేడికి మెత్తబడి ముందుకు వాలిందా? కీలు వదులైందా? ఉపరితలం జిగటెక్కిందా? కొనేవాడికి అసలు కావలసింది ఇది.

ఎండాకాలం అని ఊరికే అనలేదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఇలాంటి రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది. భిలాయిలో మే నెల ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. 25 డిగ్రీల గదితో పోలిస్తే నాలుగు రెట్ల వేగం. స్లాబు కిందనే ఉన్న అటక మీద, రేకుపెట్టెలో, ఇంకా ఎక్కువే. చల్లని చోట నాలుగు నెలల్లో వచ్చే ముసలితనం అక్కడ ఒక్క నెలలో వస్తుందన్నమాట. కాబట్టి అటక బదులు ఇంట్లో చల్లని గదిలో, బయటి గోడకు ఆనని బీరువా కింది అర మంచిది. చీకటిగా కూడా ఉంటుంది.

ఎలా చుట్టాలన్నది ఇంకో ప్రశ్న. గాలి తగలనివ్వాలని మనకు అనిపిస్తుంది. కానీ మెత్తని పి.వి.సి. వస్తువులను మూసిన గాజు పాత్రలో ఉంచితే ప్లాస్టిసైజర్ పోవడం నెమ్మదిస్తుందని డెన్మార్క్ జాతీయ మ్యూజియంలో యివోన్ షాషువా చేసిన పరిశోధనలు చూపాయి. పాలిథిన్ సంచి అంత మంచిది కాదు, అది ఆ ద్రవాన్ని పీల్చుకుంటుంది. పాత దినపత్రికలో చుడితే సిరా అక్షరాలు బొమ్మ మీదికి ఎక్కుతాయి. మెత్తనివీ గట్టివీ విడివిడిగా పెట్టండి. జిగటెక్కిన బొమ్మను గోరువెచ్చని నీటిలో కొద్దిగా సబ్బు వేసి కడిగి, నీడలో ఆరబెట్టండి. నెయిల్ పాలిష్ తుడిచే ద్రవం, పెట్రోలు దగ్గరకు రానివ్వకండి. పెయింటుతో పాటు ప్లాస్టిక్ కూడా కరిగిపోతుంది.

పక్క పెట్టెలోని కొండపల్లి బొమ్మల లెక్క వేరు. తెల్ల పొణికి కర్రకు, చింతగింజల జిగురుకు శత్రువులు చెమ్మ, పురుగు. వానాకాలంలో వాటిని చూసుకోవాలి, ప్లాస్టిక్‌ను ఎండాకాలంలో.

ఒక జాగ్రత్త చెప్పాలి. పాత బొమ్మలను, ముఖ్యంగా జిగటెక్కిన వాటిని, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇవ్వకండి. ఆనాడు ఎక్కువగా వాడిన ప్లాస్టిసైజర్లు థాలేట్లు. నేడు పిల్లల బొమ్మల్లో వాటి మీద పరిమితులున్నాయి. పాత పెయింట్లలో సీసం ఉండే అవకాశం కూడా ఉంది. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయింది. అటక మీది హీ-మ్యాన్ అంతకు ముందటివాడు.

రబ్బరు సంగతి మీరే పరీక్షించి చూడవచ్చు. ఒకే పొట్లంలోవి మూడు మామూలు రబ్బరు బ్యాండ్లు తీసుకోండి. ఒకదాన్ని చెక్కముక్కకు బాగా సాగదీసి తొడిగి, వరండాలో ఎండ నేరుగా పడని చోట ఉంచండి. రెండోదాన్ని దాని పక్కనే సాగదీయకుండా వదిలెయ్యండి. మూడోదాన్ని మూత బిగించిన గాజు సీసాలో వేసి చల్లని అరలో పెట్టండి. మార్చిలో మొదలుపెట్టి, వానలు పడ్డాక జూన్‌లో మూడింటినీ భూతద్దంతో పోల్చండి. మొదటిదాని మీద బీటలు ఏ దిక్కుగా పడ్డాయో, సాగిన వైపుకా, దానికి అడ్డంగానా అన్నది ప్రత్యేకంగా గమనించి రాసుకోండి.