వివాహ దినోత్సవ యాత్ర - టైంషేర్ వారి చౌక బేరములు

పెండ్లినాటి దినమును ఏటేట తలచుకొని దంపతులిరువురును ఎచటికైన పోయిరావలెనను వాడుక మన యిండ్లలో క్రొత్తది. మన తల్లులు ఆ దినమున తలంటుకొని, గుడికి పోయివచ్చి, పాయసము వండి సంతసించిరి. క్రొత్తది గనుక చెడ్డదని మేము చెప్పము. భవభూతి ఉత్తరరామచరితమున ప్రథమాంకమందు సీతారాములు తమ గతజీవితమును చిత్తరువులలో చూచుకొందురు. చూచిన పిమ్మట సీతకు మరల ఆ వనములలో తిరుగవలెననియు, భాగీరథిలో స్నానమాడవలెననియు కోరిక పుట్టును. అంతఃపురమున సమస్తము నమరియున్న యిల్లాలికే అట్టి కోరిక కలిగినపుడు, తెల్లవారుజామున పొయ్యి వెలిగించినది మొదలు రాత్రి తలుపు గడియ వేయువఱకు నడుము వాల్చని మనకు కలుగుట వింత యెట్లగును?

కోరిక వింత కాదు గాని, ఖర్చు కలదు. యాత్ర మాట యెత్తగానే పిల్లల ఫీజులు, చీటీ వాయిదా, అత్తగారి మందులు ముందునకు వచ్చి నిలుచును. సరిగా అట్టి సమయముననే ఫోనులో ఒక మధురస్వరము "మీకు మూడు పగళ్లు, రెండు రాత్రులు ఉచితము" అని పలుకును. ఈ యుచితములో మనకు పనికివచ్చున దెంత, మెడకు చుట్టుకొనున దెంత యని సోదరీమణులతో కలిసి విచారింపదలచితిమి.

టైంషేర్ అనగా కాలమును పంచుకొనుట. చల్లని కొండమీద ఒక విడిదిగృహమును సామాన్యులు కొనలేరు. కొన్నను ఏడాది పొడుగున అందుండలేరు. కావున ఏబదిమంది వఱకు చేరి తలకొక వారము చొప్పున పంచుకొందురు. ఈ పద్ధతి ఐరోపాలో పుట్టినది. స్విట్జర్లాండున హాపిమాగ్ అను సంస్థ 1963లో వెలసెను. ఒకచోటి వారమును వేఱొకచోటి వారముతో మార్చుకొను ఏర్పాటుతో ఆర్.సి.ఐ. అను సంస్థ అమెరికాలో 1974లో బయలుదేరినది. మన దేశమున స్టెర్లింగ్ వారు 1986లోను, మహీంద్రా వారు 1996లోను ఈ వ్యాపారమున ప్రవేశించిరి. మనవారు తఱుచుగా వినునది ఇరువదియైదేండ్ల సభ్యత్వము. మొదట ఒక పెద్ద మొత్తము చెల్లింపవలెను. అటుపిమ్మట ఏటేట నిర్వహణ చందా కట్టవలెను. దానికి బదులుగా ఏడాదికి ఏడు రాత్రులు లభించును. సంవత్సరమును భాగించి ఒక్కొక్క భాగమునకు ఒక రంగు పేరు పెట్టుట కలదు. మహీంద్రా వారి రంగులు ఊదా, ఎఱుపు, తెలుపు, నీలము. ఊదా మిక్కిలి ప్రియము, నీలము మిక్కిలి చౌక. నీలము కొన్నవారు సాధారణముగా ఊదా దినములను కోరరాదు.

ఈ రంగులు మన పంచాంగముతో ఎట్లు పొసగునో చూడుడు. మన పెండ్లిండ్లలో చాల భాగము మాఘఫాల్గుణములందును, వైశాఖజ్యేష్ఠములందును జరుగును. వైశాఖజ్యేష్ఠములు వేసవి సెలవులతో కలిసివచ్చును. లోకమంతయు ఉదకమండలమునకును కొడైకెనాలునకును పరుగెత్తునది అప్పుడే. కావున వేసవి ముహూర్తమున పెండ్లియైనవారికి పెండ్లినాడే వెలలు కొండయెక్కి కూర్చుండును. మాఘమున పెండ్లియైనవారు అదృష్టవంతులు. పిల్లల పరీక్షల భయమున అప్పుడు జనము అంతగా కదలదు.

అయితే మన కొక వెసులుబాటు కలదు. ఇంగ్లీషు తేదీని పాటించువారికి ఒకే దినము. మనకు తిథియు నున్నది, తేదీయు నున్నది. రెంటికిని నడుమ ఒక్కొక్కయేట మూడు వారముల యెడము కూడ వచ్చును. 2026లో జ్యేష్ఠము అధికమగుటచేత నిజజ్యేష్ఠము మొదలగుట జూన్ నడుమనే. తిథిని పట్టుకొన్నవారు వేసవి రద్దీని దాటిపోవుదురు. అదియు చాలనిచో ఆషాఢము చూడుడు. క్రొత్తకోడలిని పుట్టింటికి పంపు మాసమది. పదేండ్లు దాటిన దంపతుల కా నియమము లేదు. ముహూర్తములు లేవు, బడులు తెఱచిరి, గదులు ఖాళీగా నుండును, వెలలు దిగును. వాన పడునందురు. పిల్లలతో పోయినపుడు వాన విసుగే. ఇరువురే పోయినపుడు వాన పడిన, చూడవలసిన పదిచోట్లు నాలుగగును. కిటికీయొద్ద కూర్చుండి మాటలాడుకొను గంటలు పెరుగును. ఆ మాటలకే గదా అంతదూరము పోవుట!

ఇక చౌక బేరముల సంగతి. బజారులో పెద్ద దుకాణ సముదాయములయందు చీటీమీద పేరు వ్రాయించుకొందురు. పదిదినములకు "మీకు బహుమతి వచ్చినది" అని పిలుపు వచ్చును. మఱికొందఱు స్వల్పమైన వెలకు రెండు మూడు రాత్రుల బసనిచ్చి, అచటనే ఒక పూట తమ ప్రసంగమును వినుమందురు. అమెరికాలో ఆర్లండో, లాస్ వేగాస్ మొదలగు పట్టణములందు ఈ రెండవ పద్ధతి సర్వసామాన్యము. అచటి మన ఆడపడుచులందఱు దీని నెఱుగుదురు. అన్నింటికిని సామాన్యమైన షరతు ఒక్కటి: భార్యాభర్తలిరువురును కలిసి రావలెను. ఈ షరతు మర్యాదకొఱకు పెట్టినది కాదు. భర్త యొక్కడే వచ్చినచో "ఇంటిలో నడిగి చెప్పెదను" అని లేచిపోవును. భార్య యొక్కతె వచ్చినను అంతే. ఇరువురును ఎదుట నున్నపుడు ఆ తలుపు మూసికొనిపోవును. ఇల్లాలి మాటకు ఇంటిలో ఎంత బరువున్నదో మన బంధువులకంటె ఆ వ్యాపారులే బాగుగా నెఱుగుదురని మాకు తోచును.

మేము గడచిన మాఘమున అట్టి సభకొకదానికి పోయితిమి. సంస్థ పేరు చెప్పము. పోకమునుపే, వారేమి చెప్పినను ఆనాడు సంతకము పెట్టరాదని మాలో మేము నిశ్చయించుకొంటిమి. బ్యాంకు కార్డులను ఇంటనే విడిచితిమి. లోపల పాటల మ్రోత. ఎవరైన సంతకము చేసినంతనే అందఱును చప్పట్లు కొట్టుచుండిరి. మా బల్లయొద్దకు వచ్చిన పిల్లవాడు మంచివాడే, ఇరువదిమూడేండ్లుండును. మొదట పిల్లల పేర్లడిగెను, పిదప మా పెండ్లి యెప్పుడైనదో అడిగెను, పిదప ఒక సరస్సు చిత్తరువు చూపి, "మేడమ్ గారి సంతోషమునకు వెల కట్టగలరా సార్?" అని మావారి నడిగెను. బదులు మేమే యిచ్చితిమి. "సంతోషమునకు వెల లేదు తమ్ముడూ, జీతమునకు ఉన్నది. ఆ ఒప్పందపు కాగితములు ఇంటికిమ్ము. వారము దినములు చదివి చెప్పెదము."

కాగితములు ఇంటికి రావట. తగ్గింపు ఆ పూటకేనట. అంతలో పై యధికారి వచ్చి యింకను తగ్గించెను. మఱొకరు వచ్చి మఱికొంత తగ్గించిరి. రెండు గంటలనినది మూడున్నర గంటలైనది. చివరకు బహుమతి కాగితము నిచ్చి పంపిరి. దానియందు చీమలంత యక్షరములతో షరతులుండెను: నలుబదియైదు దినములు ముందుగా కోరవలెను, పండుగలు పనికిరావు, రాత్రికింతయని నమోదు రుసుము, భోజనము అచటనే చేయవలెను. అన్నియు కూడి చూడగా ఆంధ్రప్రదేశ్ పర్యాటకసంస్థవారి హరిత హోటలులో గది తీసికొన్నంత యయ్యెను. ఆ కాగితము మా బీరువాలోనే యున్నది.

సభ్యత్వము లెక్కను కూడ ఆ రాత్రియే వేసితిమి. ఇది యుదాహరణము మాత్రమే. ఎవరి యంకెలు వారు వేసికొనవచ్చును. మొదటి మొత్తము 3,00,000 రూపాయలు, ఏటి చందా 15,000 రూపాయలు అనుకొందము. ఇరువదియైదేండ్లకు చందాయే 3,75,000 అగును. వెరసి 6,75,000. రాత్రులు 175. రాత్రి కొక్కింటికి సుమారు 3,860 రూపాయలు. ఇది చౌకయే యనిపించును. కాని చందా ఏటేట పెరుగును. సగము రాత్రులే వాడుకొన్నవారికి వెల రెట్టింపగును. ఇందు రైలు లేదు, అన్నము లేదు. మఱియొక విధముగా చూడుడు. ఆ మూడులక్షలను నూటికి ఏడు వడ్డీకి దాచినచో ఏడాదికి 21,000 వచ్చును. కట్టనక్కఱలేని చందా 15,000 దానికి చేర్చిన 36,000. ఆ సొమ్ముతో ఏటేట దంపతులిరువురు మూడు రాత్రులు ఎచటనైన గౌరవముగా నుండి రావచ్చును. అసలు మూడులక్షలును చెక్కుచెదరవు. ఈ లెక్క మావారు బడిలో చెప్పు బారువడ్డీ లెక్కయే.

అట్లని సభ్యత్వము కొన్నవారందఱు మోసపోయిరని మేమనము. హైదరాబాదులోని మా అన్నగారు చేరి చాలయేండ్లైనది. అత్తమామలతో, పిల్లలతో ఏటేట పోవుదురు. వారికి అది కలిసివచ్చినది. పెద్ద కుటుంబము, తప్పని సెలవులు, ముందుగా గది కోరుకొను ఓపిక యున్నవారికి తగును. ఏడాదికి ఒకమాఱు ఇరువురే రెండు రాత్రులకు పోవువారికి మాత్రము ఏడు రాత్రుల బరువు ఇరువదియైదేండ్లు మోయుట యెందుకు?

సంతకము చేసి పిదప బెంగపడు సోదరీమణులకు ఒక మాట. ఐరోపా సంఘమువారు 2008నాటి ఆదేశముచే టైంషేర్ కొన్నవారికి పదునాలుగు దినములలోపల కారణము చెప్పకయే మానుకొను హక్కునిచ్చిరి. అమెరికాలో ఫ్లోరిడాయందు పది దినములు, నెవాడాయందు ఐదు దినములు. ఇచట ఆ గడువు ఒప్పందములోనే వ్రాసియున్నదేమో వెంటనే చూడవలెను. ఉన్నచో ఆ దినములు దాటకమునుపే వ్రాతమూలకముగా తెలుపవలెను. 2019నాటి వినియోగదారుల రక్షణ చట్టము అన్యాయపు ఒప్పందములను ప్రశ్నించు దారి చూపినది. 1915 అను సంఖ్యకు ఫోను చేసినచో ఫిర్యాదు వ్రాసికొందురు. నోటిమాటగా వారిచ్చిన వాగ్దానములను ఆనాడే తేదీతో ఒక పుస్తకమున వ్రాసియుంచుట మేలు.

మఱి కొనకయే ఆ విడిదులయందు బసచేయు దారి లేదా? కలదు. ఖాళీ గదులను ఈ సంస్థలు సభ్యులు కానివారికిని అద్దెకిచ్చుచుండును. రద్దీలేని మాసమున, నడివారమున అడిగి చూడవలెను. రెండవది, సభ్యులైన బంధువులు వాడుకొనని రాత్రులు. మా అన్నగారి అమ్మాయికి పెద్దపరీక్షల యేడగుటచే వారి రాత్రులు మిగిలిపోయినవి. మా వదిన ఫోను చేసి, "మా కెటులను కుదరదు, మీరిద్దరు పోయిరండు" అనెను. సభ్యులే అతిథి పేరున గది నమోదు చేయింపవలెను. అతిథి రుసుము కొంత యుండును. గుర్తింపు కార్డు చూపవలెను. ఎఱుగనివారు తమ రాత్రులను అమ్మెదమని ప్రకటించిన చోటికి మాత్రము పోరాదు. గది తలుపువఱకు పోయి, పేరు లేదని తిరిగివచ్చుట పెండ్లిదినమున ఎవరికిని వలదు.

మా జ్యేష్ఠమాసపు పండుగను అట్లు ఆషాఢమునకు జరిపి ఉదకమండలము పోయితిమి. రెండవ శనివారము, ఆదివారము కలిసివచ్చినవి. మావారు ఇరుప్రక్కల రెండు దినముల సెలవు పెట్టిరి. పిల్లలను అత్తగారు చూచుకొనిరి. ఆమెకు మొదట "ఇరువురే యేల?" అని సందేహము కలిగినది గాని, మామగారు బ్రదికియున్న దినములలో తామిరువురును కలిసి శ్రీశైలము పోయినది ఆమెయే తలచుకొని, మా సంచిలో పులిహోర పొట్లము పెట్టెను. కోయంబత్తూరువఱకు రైలు, పైకి ప్రభుత్వపు బస్సు. కొండమీదికి సొంత కారులో పోవువారికి 2024 మే మాసమున ఈ-పాస్ నియమము పెట్టిరి. కారులో పోదలచువారు బయలుదేరకమునుపు ఆ సంగతి కనుగొనవలెను.

విడిదిలో భోజనము ప్రియము. ఉదయపు ఫలాహారము మాత్రమే అచట తీసికొని, తక్కిన పూటలు బజారు వీథిలో భుజించితిమి. కొన్ని విడిదులలో వంటకు గట్టు, పొయ్యి అమర్చియుండును. ఖర్చు తగ్గునని మావారు సూచించిరి గాని, ఆ రెండు దినములును పొయ్యి మొగము చూడమని మేము ముందే చెప్పితిమి. రైలు, బస్సు, రుసుము, భోజనము అన్నియు కలిపి పదునాలుగు వేలు దాటలేదు.

దిగునపుడు చిన్న రైలెక్కితిమి. మేట్టుపాళయమువఱకు 46 కిలోమీటర్లు; యునెస్కోవారు 2005లో దీనిని ప్రపంచవారసత్వముగా గుర్తించిరి. మొదట డీజిలు యంత్రము లాగును. కూనూరునుండి ఆవిరి యంత్రము. నడుమనున్న పండ్లపట్టాను చక్రపు పండ్లు కఱచుకొని బండి మెల్లగా దిగును. మూడున్నర గంటలు పట్టును, తొందరగలవారికి తగదు. టిక్కెట్లు చాల దినములు ముందుగా తీసికొననిచో దొరకవు.  అంతసేపును మావారు బడి మాట యెత్తలేదు. మేమును ఇంటికి ఫోను చేయలేదు.