ఇంజినుకూ గేర్‌బాక్సుకూ నడుమ ఒక పలుచని పళ్లెం

తిరువూరు చుట్టుపక్కల మామిడి తోటలో గుంతలు తీయాలన్నా, చెరువు పూడిక ఎత్తాలన్నా జేసీబీ రావాల్సిందే. ఈసారి వచ్చినప్పుడు కాసేపు నిలబడి గమనించండి. ముందు బకెట్టు మట్టికుప్పలోకి గుచ్చుకున్నాక చక్రాలు కదలవు. ఇంజిన్ మాత్రం ఆగదు, రొద చేస్తూ నెడుతూనే ఉంటుంది. మామూలు ట్రాక్టరును గేర్లో పెట్టి, క్లచ్ తొక్కకుండా కదలని గట్టుకు ఆనిస్తే ఇంజిన్ గక్కున ఆగిపోతుంది. ఈ తేడా టార్క్ కన్వర్టర్ వల్ల వచ్చింది. కార్లలో అసలైన ఆటోమేటిక్ గేర్‌బాక్సుకు ముందు ఉండేదీ ఇదే.

గిన్నెలో పెరుగు వేసి కవ్వంతో గిలక్కొడితే ఏమవుతుంది? కవ్వంతో పాటు మజ్జిగ తిరుగుతుంది, మజ్జిగతో పాటు గిన్నే తిరగబోతుంది. అందుకే రెండో చేత్తో గట్టిగా పట్టుకుంటాం. కవ్వం గిన్నెను ఎక్కడా తాకలేదు, బలం మజ్జిగ గుండా వెళ్లింది. టార్క్ కన్వర్టర్‌లో మజ్జిగ బదులు నూనె ఉంటుంది. ఇంజిన్‌తో పాటు తిరిగే రెక్కల పంపు నూనెను విసురుతుంది. ఎదురుగా ఉన్న టర్బైన్ ఆ నూనె తాకిడికి తిరిగి గేర్‌బాక్సును తిప్పుతుంది. ఈ రెంటి నడుమ స్టేటర్ అనే మూడో రెక్కల చక్రం ఉంటుంది. టర్బైన్‌ను కొట్టి ఎదురు దిశలో వెనక్కి వచ్చే నూనెను ఇది మళ్లించి, పంపుకు సాయపడే వైపు పంపుతుంది. బండి నిలకడ నుంచి కదిలేటప్పుడు ఇంజిన్ ఇచ్చే తిప్పుడు బలం దాదాపు రెండింతలయ్యేది ఈ మళ్లింపు వల్లే. వేగం అందుకున్నాక స్టేటర్ అడ్డు తొలగి తనూ స్వేచ్ఛగా తిరుగుతుంది. జర్మన్ ఇంజినీర్ హెర్మన్ ఫోటింగర్ దీనికి 1905లో పేటెంట్ తీసుకున్నది కార్ల కోసం కాదు, ఓడల కోసం.

కన్వర్టర్ గొప్పదనం అందరూ చెబుతారు. దాన్ని ఇంజినుకు కలిపే ఫ్లెక్స్ ప్లేట్‌ను మాత్రం ఎవరూ పట్టించుకోరు. క్లచ్ ఉన్న బండిలో ఇంజిన్ ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్ చివర బరువైన ఫ్లైవీల్ ఉంటుంది. టార్క్ కన్వర్టర్ ఉన్న కారులో ఆ చోట కొన్ని మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు పళ్లెం ఉంటుంది, దాని అంచు చుట్టూ స్టార్టర్ పట్టుకునే పళ్ల చక్రం. నూనెతో నిండిన కన్వర్టరే బరువుగా ఉంటుంది కాబట్టి ఫ్లైవీల్ అక్కర్లేదు. పళ్లెం పలుచగా ఉన్నది ఇనుము ఆదా చేయడానికి కాదు. లోపల నూనె ఒత్తిడి పెరిగితే కన్వర్టర్ కొద్దిగా ఉబ్బుతుంది, ముందుకూ వెనక్కూ కదులుతుంది. ఆ కదలికకు పళ్లెం వంగి చోటివ్వాలి. వంగకపోతే ఆ తోపుడంతా క్రాంక్‌షాఫ్ట్ బేరింగ్ మీద పడుతుంది.

ఆ పళ్లెం పాడైతే ఎలా ఉంటుందో తిరువూరులో ఓ షెడ్డులో కళ్లారా చూశాను. ఓ ఆటోమేటిక్ కారు నిలబడి ఉన్నప్పుడు టక్ టక్ మంటోంది. అప్పటికే వేరేచోట ఎవరో కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పోయిందని తేల్చి ఇంజిన్ విప్పమన్నారట. షెడ్డు మేస్త్రీ ఒప్పుకోలేదు. "ముందు కింద కవర్ ఊడదియ్యరా" అన్నాడు కుర్రాడితో. లైటు వేసి, ఇంజిన్‌ను చేత్తో మెల్లగా తిప్పుతూ చూస్తే క్రాంక్ బోల్టుల చుట్టూ వెంట్రుక మందాన పగులు, ముప్పావు వంతు వృత్తంలా. కొన్ని నెలల కిందటే ఆ కారుకు గేర్‌బాక్స్ మార్చారు. ఇంజినూ గేర్‌బాక్సూ ఒకే గీత మీద కూర్చోవడానికి రెండు డోవెల్ పిన్నులు ఉంటాయి. పాత గేర్‌బాక్స్ దించినప్పుడు వాటిలో ఒకటి పోయింది, మళ్లీ వేయలేదు. కొద్దిపాటి వంకర చాలు, తిరిగిన ప్రతిసారీ పళ్లెం అటూ ఇటూ వంగుతుంది. తీగను పదే పదే వంచితే తెగినట్టే ఇదీ తెగింది.

గేర్‌బాక్స్ మార్చేవాళ్లు దాన్ని ఇంజినుకు కలిపే తొడుగు చూసి "బెల్ హౌసింగ్ కుదిరింది కదా, చాలు" అనుకుంటారు. చాలదు. పళ్లెం నడిమి రంధ్రాలు క్రాంక్‌షాఫ్టుకు కుదరాలి, బయటి రంధ్రాలు కన్వర్టరుకు కుదరాలి. అంచు పళ్లు స్టార్టరుకు అందాలి. అమెరికాలో షెవర్లే చిన్న వీ8 ఇంజిన్లకు 153 పళ్ల పళ్లెం, 168 పళ్ల పళ్లెం రెండూ ఉన్నాయి, వ్యాసాలు వేరు. పైగా 1986 నుంచి ఆ ఇంజిన్ల క్రాంక్ బోల్టుల వలయమే మారిపోయింది. కొన్ని ఇంజిన్లలో తూకం కోసం పళ్లెం మీదే బరువు ముక్క అతికిస్తారు. అది లేని పళ్లెం వేస్తే రంధ్రాలన్నీ సరిపోయినా ఇంజిన్ వణుకుతుంది.

మన దగ్గర ఇంకో చిక్కుంది. ఆటోమేటిక్ అన్నవన్నీ ఒకటి కావు. 2014లో వచ్చిన మారుతి సెలేరియోతో జనానికి అలవాటైన ఏఎంటీలో టార్క్ కన్వర్టర్ లేదు. మామూలు క్లచ్చునే కాలికి బదులు యంత్రం తొక్కుతుంది, కాబట్టి ఫ్లైవీలే ఉంటుంది. పెనుకొండ దగ్గరి కర్మాగారంలో తయారై 2019లో మార్కెట్లోకి వచ్చిన కియా సెల్టోస్ ఒక్కదానికే మూడు రకాల ఆటోమేటిక్‌లు ఇచ్చారు. డీజిల్‌కు ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్, ఒక పెట్రోల్ ఇంజినుకు గేర్ మెట్లు లేని ఐవీటీ, టర్బో పెట్రోల్‌కు జంట క్లచ్చులది. కారు పేరు చెప్పి గేర్‌బాక్స్ అడిగితే సరిపోదని దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇక అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది బిగింపులో. గేర్‌బాక్స్ ఎక్కించే ముందే కన్వర్టరును దాని ముందు గొట్టం మీదికి తోసి, తిప్పుతూ ఉండాలి. ఒకసారి దిగుతుంది, మళ్లీ దిగుతుంది, మూడోసారి ఇంకాస్త దిగుతుంది. స్టేటర్ గాడి, టర్బైన్ గాడి, గేర్‌బాక్స్ ఆయిల్ పంపు పట్టు, ఈ మూడూ పడ్డాకే అది సరిగా కూర్చున్నట్టు. తర్వాత బెల్ హౌసింగ్ ఏ బలవంతమూ లేకుండా ఇంజినుకు ఆనాలి. అప్పుడు కన్వర్టరు చేత్తో తిరగాలి, పళ్లేనికీ దానికీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు కనిపించాలి. కచ్చితమైన కొలత ఆ బండి మాన్యువల్‌లో ఉంటుంది. సందు లేకుండానే బోల్టులతో లాగి బిగిస్తే ఆయిల్ పంపు పగులుతుంది, ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలోనే గేర్‌బాక్స్ పోతుంది. కన్వర్టరు బోల్టులూ పాతవాటి పొడవే ఉండాలి. కొంచెం పొడవైనా చాలు, కన్వర్టరు ముఖాన్ని లోపలికి పొడిచి పంపునూ టర్బైన్‌నూ కలిపి పట్టే లాకప్ క్లచ్ ఆనే తలాన్ని సొట్టపరుస్తుంది.

పాత గేర్‌బాక్స్ కోసం విజయవాడ ఆటోనగర్ బయల్దేరేటప్పుడు మీ బండి ఫ్లెక్స్ ప్లేటునూ కన్వర్టరునూ వెంట తీసుకెళ్లండి. కొనబోయే దాని పక్కన పెట్టి రంధ్రాలు సరిచూడండి, పళ్లు లెక్కపెట్టండి, డోవెల్ పిన్నులు రెండూ ఉన్నాయో లేదో చూడండి. డబ్బు ఆ తర్వాతే ఇవ్వండి.