రాత్రి రారాజు, పగలు రైతు

హిందీ నుండి తెలుగులోనికి అనువాదం చేసేవారికి పెద్ద మాటలకన్న చిన్న మాటలే ఎక్కువ చిక్కులు తెచ్చిపెడతాయి. ‘నాట్’ అనేది అటువంటి మాట. హిందీలో ‘నట్’ అంటే నటుడు. తాడుపై నడిచి విద్యలు ప్రదర్శించే సంచార కళాకారుని కూడ ఆ పేరుతోనే పిలుస్తారు. బస్తర్ ప్రాంతపు భతరా గిరిజనుల నోట ఆ మాట కొంచెం సాగి ‘నాట్’ అయినప్పుడు అది మనిషి పేరు కాదు, ఆట పేరు. తెలుగులో ‘నాట్యం’ అని వ్రాస్తే చదువరికి గజ్జెల సవ్వడి వినబడుతుంది. ‘నాటకం’ అంటే తెరలు, రంగాలు కళ్లముందు నిలుస్తాయి. రెండూ సరిపోవు. మన వీధి భాగవతమే దీనికి దగ్గర బంధువు. అయినా ఎవరి వస్తువుకు వారి పేరే ఉండటం న్యాయం కనుక ఇక్కడ ‘నాట్’ అనే వ్యవహరిస్తాను.

బస్తర్ నేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు దక్షిణ భాగం. 1948లో భారతదేశంలో విలీనమైన ఈ సంస్థానం ఆ తరువాత అర్ధ శతాబ్దం పాటు మధ్యప్రదేశ్‌లో ఒకే జిల్లాగా ఉండినది. వైశాల్యంలో ఆ ఒక్క జిల్లా కేరళ రాష్ట్రాన్ని మించినది. 1998లో దానిని విభజించారు. తెలుగువారికి ఈ నేల కొత్త కాదు. ఓరుగల్లు పతనానంతరం ఇంద్రావతీ తీరానికి చేరిన కాకతీయ వంశీయుడు అన్నమదేవుడే ఇక్కడి రాజవంశానికి మూలపురుషుడని చెబుతారు. దక్షిణపు కొసన కుంట ప్రాంతంలో దోర్లా జనులు మాట్లాడే మాట తెలుగుకు చాల దగ్గరది. తూర్పున జగదల్‌పూర్ దాటి ఒడిశా సరిహద్దు వైపు వెళ్లినకొద్దీ భతరా గ్రామాలు వస్తాయి. వారి భతరీ భాషలో ఒడియా పలుకు వినబడుతుంది. నాట్ ఈ గ్రామాలదే. పూర్వం బస్తర్ రాజు పురుషోత్తమదేవుడు పూరీ జగన్నాథుని దర్శించి వచ్చినప్పుడు రథోత్సవంతో పాటు ఈ ఆట కూడ వెంట వచ్చినదని ఒక ఐతిహ్యం కలదు. ఐతిహ్యాన్ని పక్కన పెట్టినా, ఒడిశాలోని కోరాపుట్ ప్రాంతపు ‘దేశియా నాట’కూ దీనికీ ఉన్న పోలిక చూపరులకు వెంటనే తెలిసిపోతుంది. రాష్ట్రాల ఎల్లలు పటం మీద ఉంటాయి. ఆట వాటిని ఎరుగదు.

నాట్‌లో వేషం కట్టేవాడు వృత్తి నటుడు కాడు. అతడు రైతు. వరి కోతలు ముగిసి ధాన్యం ఇంటికి చేరిన తరువాతనే అతనిలోని నటునికి తీరిక దొరుకుతుంది. ఊరివారు కలిసి ఒక నాట్ గురువును కుదుర్చుకొంటారు. సంభావన కూడ వారే కలిసి ముట్టజెబుతారు. గురువు వద్ద ఒక వ్రాతప్రతి ఉంటుంది. అభిమన్యు వధ, కీచక వధ, జరాసంధ వధ, రావణ వధ, లంకా దహనం - ఇవీ ప్రసిద్ధమైన కథలు. పేర్లు చూస్తేనే వీరరసం ఎంత ప్రధానమో బోధపడుతుంది. ఆ ప్రతి చాలవరకు ఒడియా లిపిలో ఉంటుంది. వేషధారులలో ఆ లిపి చదవగలవారు అరుదు. కనుక పాఠమంతా చెవి ద్వారానే సాగాలి. గురువు పలుకుతాడు, శిష్యుడు పలుకుతాడు. తప్పితే మళ్లీ పలుకుతాడు. పగలంతా పొలం పనిచేసినవాడు రాత్రి దీపం ముందు కూర్చుండి, కొంత తన భాష, కొంత పొరుగు భాష అయిన పద్యాలనూ సంభాషణలనూ ధారణలోనికి తెచ్చుకొంటాడు. పరీక్షకు ముందురాత్రి పుస్తకం తిరగవేసే మన విద్యార్థులు ఈ శ్రమను తేలికగానే ఊహించుకోగలరు.

ప్రదర్శననాడు కూడ గురువు చేతినుండి పుస్తకం దిగదు. ఆటగాళ్ల వెనుక నిలిచి మాట అందిస్తూ, పాట ఎత్తుకొంటూ, కథను నడిపిస్తాడు. నగర రంగస్థలంలో మాట అందించేవాడు తెరచాటున దాగి ఉండాలి, కనబడితే తప్పు. ఇక్కడ దాపరికం లేదు. ప్రేక్షకులు గురువునూ చూస్తారు, రావణునీ చూస్తారు, ఇద్దరినీ నమ్ముతారు.

ఆట మైదానంలో జరుగుతుంది. చుట్టూ జనం. మృదంగం, నగారా, తాళాలు, సన్నాయి వంటి మోహరీ మోగుతుండగా మొదట గణపతి ముఖకవచంతో ప్రవేశిస్తాడు. సరస్వతీ ప్రార్థన కూడ ఉంటుంది. తరువాత పాత్రలు ఒక్కొక్కటి అడుగులు వేస్తూ ముందుకు వచ్చి, పాడి, వెనుకకు వెళ్లి, మళ్లీ ముందుకు వచ్చి మాట్లాడతాయి. స్త్రీ పాత్రలను పురుషులే ధరిస్తారు. వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామనూ, స్థానం నరసింహారావుగారి చిత్రాంగినీ ఎరిగిన మనకు అది వింత కాదు. నడుమ నడుమ ‘దువారీ’ అనే ద్వారపాలకుడు వస్తాడు. పేరుకు రాజుగారి సేవకుడు. పని మాత్రం జనాన్ని నవ్వించటం. పురాణపురుషులు పొరుగు భాషలో గంభీరంగా పలికినదానిని అతడు ఊరి భాషలోనికి దించి చెబుతాడు. ఒక విధంగా అతడూ అనువాదకుడే. నాకు ఆ పాత్రపై కొంత పక్షపాతం ఉన్నదని ఒప్పుకొంటాను.

ముఖకవచం గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించినది. రాక్షసుడో, జంతువో, దేవతో కవచం ధరించి వచ్చినప్పుడు కన్ను, కనుబొమ, పెదవి నటునికి ఉపయోగపడవు. చెక్కిన ముఖం రాత్రంతా ఒకే భావంతో ఉంటుంది. అయినా దానిలో కోపం పెరిగినట్లు, భయం కలిగినట్లు ప్రేక్షకునికి తోచాలి. ఆ పని మెడకూ, భుజాలకూ, పాదాలకూ అప్పగించవలసి వస్తుంది. తల కొంచెం వంచితే అదే ముఖం చింతాక్రాంతమవుతుంది, గడ్డం ఎత్తితే గర్విస్తుంది. పురూలియా, సరాయికేలా ఛౌ నర్తకులకు తెలిసిన రహస్యం కూడ ఇదే. కవచం లోపల గాలి ఆడదు, చూపు సన్నని రంధ్రాల గుండానే సాగుతుంది. తోటి నటుడు ఎక్కడ ఉన్నాడో అడుగుల చప్పుడును బట్టి తెలుసుకోవాలి. తెల్లవారేవరకు ఆ బరువుతో ఆడటం దేహదార్ఢ్యం లేనివారికి సాధ్యం కాదు. నాగలి పట్టిన దేహమే అందుకు తగినది.

బస్తర్‌లో నటన అంటే నాట్ ఒక్కటే అనుకొనరాదు. మురియా గోండులలో ‘మావ్‌పాటా’ అనే ఆట కలదు. గోండీలో ‘పాటా’ అంటే మన పాటే. ఆ భాష కూడ ద్రావిడ కుటుంబానికి చెందినదే. ఇందులో పురాణం లేదు, రాజు లేడు. అడవిదున్న వేట కథావస్తువు. దున్న వేషంలో ఇద్దరు కదలుతుంటారు. వేటగాళ్లు పొంచి చుట్టుముడతారు. దున్న ఒకరిని కుమ్మి పడవేస్తుంది. అప్పుడు దేవుడు పూనే ‘సిరహా’ వచ్చి మంత్రించి అతనిని లేపుతాడు. వేట సఫలమై ఆట సంబరంతో ముగుస్తుంది. ఇక్కడ గురువు లేడు, పుస్తకం లేదు. దున్న ఎట్లా మెడ తిప్పుతుందో, గాయపడినవాడు ఎట్లా మూలుగుతాడో అడవిలో చూచి నేర్చినదే విద్య.

చదువు లేని నటునికి ఏమి నేర్పాలి, ఏమి నేర్పరాదు అనే ప్రశ్నకు రాయపూర్‌లో జన్మించిన హబీబ్ తన్వీర్ (1923-2009) జీవితమే సమాధానం. లండన్‌లో రంగస్థల శిక్షణ పొందిన ఆయన 1959లో ‘నయా థియేటర్’ స్థాపించి, ఛత్తీస్‌గఢ్ మైదానాల ‘నాచా’ కళాకారులతో నాటకాలు ఆడించారు. తొలి సంవత్సరాలలో వారిచే హిందీ పలికించారు, రంగంపై ఎక్కడ నిలవాలో గీత గీసినట్లు నిర్ణయించారు. పల్లెలో జనాన్ని ఉర్రూతలూగించినవారు ఆ వేదికపై బిగుసుకొని పోయారు. దోషం వారిలో కాదు, తన పద్ధతిలో ఉన్నదని గ్రహించటానికి తనకు ఏండ్లు పట్టినవని ఆయనే చెప్పుకొన్నారు. వారి భాష వారికి, వారి కదలిక వారికి విడిచిపెట్టిన తరువాత 1975లో ‘చరణ్‌దాస్ చోర్’ వచ్చినది. 1982లో ఎడింబరో ఉత్సవంలో అది బహుమతి పొందినది. బస్తర్ రాజు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్ కథను ఆధారం చేసుకొని కూడ ఆయన ‘హిర్మా కీ అమర్ కహానీ’ అనే నాటకం వ్రాశారు.

కీర్తి వచ్చి, జీవిక రాకపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు బస్తర్‌లోనే ఒక ఉదాహరణ ఉన్నది. నారాయణపూర్ సమీపంలోని గఢ్‌బెంగాల్ గ్రామానికి, 1950ల మధ్యకాలంలో, ఆస్కార్ బహుమతి పొందిన స్వీడిష్ దర్శకుడు ఆర్నే సుక్స్‌దోర్ఫ్ వచ్చాడు. చెంద్రూ అనే మురియా బాలుని తన చిత్రంలో ముఖ్య పాత్రకు ఎన్నుకొన్నాడు. ‘ది ఫ్లూట్ అండ్ ది యారో’ అనే ఆంగ్ల నామంతో ప్రసిద్ధమైన ఆ చిత్రం 1957లో విడుదలైనది. 1958లో కాన్ చలనచిత్రోత్సవానికి వెళ్లినది. సంగీతం రవిశంకర్‌ది. పులితో ఆడుకొనే ఆ బాలుని ఫోటోలతో దర్శకుని భార్య ఆస్ట్రిడ్ ప్రచురించిన పుస్తకాన్ని ఐరోపా బాలలు ముచ్చటగా చదివారు. చెంద్రూ స్వీడన్ వెళ్లి కొంతకాలం ఉండి, స్వగ్రామానికి తిరిగి వచ్చాడు. మరొక చిత్రం రాలేదు. పేదరికంలోనే సేద్యం చేసుకొంటూ బ్రతికాడు. విలేఖరులు వచ్చేవారు, పాత ఫోటోను చేతికిచ్చి కొత్త ఫోటో తీసుకొని వెళ్లేవారు. 2013 సెప్టెంబరు 18న ఆయన మరణించాడు.

నాట్ వేషధారి విషయం వేరు. రావణుడు తెల్లవారి కిరీటం తీసి పొలానికి వెళతాడు. సాయంకాలం బజారులో అతనిని పేరుతో పిలిచేవారు ఉంటారు. రాత్రి ఎక్కడ పాట తప్పినదో చెప్పి నవ్వేవారూ ఉంటారు. ఆ ఆట నుండి అతడు ధనం ఆశించలేదు కనుక ధనం రాలేదని కుమిలిపోడు. అయితే దీనిని మరీ అందంగా చెప్పటం కూడ తప్పే. పంట పండని ఏడు ఊరు గురువును పిలువలేదు. దుస్తులకు, కిరీటాలకు, దీపాలకు ఖర్చు ఉన్నది. టెలివిజనూ, చేతిలోని ఫోనూ వచ్చిన తరువాత రాత్రంతా మైదానంలో కూర్చుండే ఓపిక పల్లెలలోనూ తగ్గినది. వేషం కట్టవలసిన యువకుడు కూలి కోసం దూర నగరాలకు వెళ్లిన ఏడు అభిమన్యుడు దొరకడు.

ప్రభుత్వాలు ఉత్సవాలలో ఈ కళకు వేదిక కల్పిస్తున్నవి. 2025లో జరిగిన ‘బస్తర్ పండుం’ పోటీలలో గిరిజన నాటకానికి ఒక విభాగం కేటాయించారు. గ్రామేతరులు నాట్‌ను చూచే అవకాశం ఆ విధంగా కలుగుతున్నది. కాని వేదికపై దొరికే కొద్ది నిమిషాలలో రావణుడు ప్రవేశించి పడిపోవటం వరకే సాధ్యం. గురువు పుస్తకం తెరిచే తీరిక గాని, దువారీ జనంతో మాట కలిపే సందు గాని అందులో ఉండదు. తెల్లవారుజామున, పసిపిల్లలు తల్లుల ఒడిలో నిద్రపోయిన తరువాత, మృదంగం మందగించి మళ్లీ ఊపందుకొనే వేళ పద్మవ్యూహంలో ప్రవేశించే అభిమన్యుని చూడవలెనంటే ఆ ఊరికే వెళ్లాలి. కోతలు అయినవో లేదో ముందుగా కనుక్కొని వెళ్లాలి.