“మంచి కుర్రాడు” అని రాస్తే సరిపోదు



కొన్నేళ్ల క్రితం ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఒక తల్లి ఏడుస్తూ నా దగ్గరకు వచ్చింది. “అయ్యగారూ, మా పిల్లోణ్ని పోలీసులు పట్టుకపోయినారు. మోటారుసైకిలు దొంగతనమంట. మావోడు మంచోడని ఒక కాగితం రాసియ్యండి” అంది. ఆ అబ్బాయి పేరు, ఊరు చెప్పను. చెప్పడానికి చట్టం ఒప్పుకోదు, చెప్పడం ధర్మమూ కాదు. నంద్యాల, ఆళ్లగడ్డల మధ్య పల్లెల్లో ఏ ఇంటి బిడ్డయినా కావచ్చుననుకోండి.

వెంటనే కాగితం తీసి, “ఈ బాలుడు మంచి నడవడి గలవాడు” అని రెండు వాక్యాలు రాసి సంతకం చేశాను. నాలుగు రోజులకు ప్రొబేషన్ ఆఫీసరు పల్లెకు వచ్చారు. “బడి ఎప్పుడు మానేశాడు? రాత్రిపూట ఎవరితో తిరుగుతాడు? తండ్రి ఇంటిపట్టున ఉంటాడా? మందు అలవాటుందా? ఇంటికి పంపితే బాధ్యత తీసుకునేదెవరు?” అని నన్ను అడిగారు. ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. నేను రాసిన కాగితం ఆ బిడ్డకు కాసింత కూడా పనికిరాలేదు.

చట్టం ఏమి అడుగుతుంది?

పిల్లల తప్పులను పెద్దల నేరాలతో కలిపి చూడరాదన్న ఆలోచన మనకు కొత్తది కాదు. మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1920లోనే అక్కడ బాలల చట్టం వచ్చింది. దేశమంతటికీ 1986లో, తిరిగి 2000లో చట్టాలు చేశారు. ఇప్పుడున్న 2015 నాటి బాలల న్యాయ చట్టం 2016 జనవరి 15 నుండి అమల్లోకి వచ్చింది.

దీని ప్రకారం 18 ఏళ్లలోపు వారిని లాకప్పులో గాని జైలులో గాని పెట్టరాదు. ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోగా బాలల న్యాయ మండలి ముందు హాజరుపరచాలి. మండలిలో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో ఒక్కరైనా స్త్రీ కావాలి. బిడ్డను మొదటిసారి హాజరుపరచిన 15 రోజుల్లోగా ప్రొబేషన్ ఆఫీసరు అతని కుటుంబాన్నీ పరిస్థితులనూ విచారించి నివేదిక ఇవ్వాలి.

బెయిలు ఇవ్వడమే ఇక్కడ సామాన్య నియమం. విడిచిపెడితే నేరస్థుల చేతుల్లో పడతాడనో, బిడ్డకే హాని కలుగుతుందనో, న్యాయానికి భంగం వాటిల్లుతుందనో నమ్మడానికి తగిన కారణం ఉంటేనే నిరాకరిస్తారు. అంటే మండలి చూసేది చేసిన తప్పును మాత్రమే కాదు. ఈ బిడ్డకు ముందున్న ప్రమాదమేమిటి, దాని నుండి తప్పించడానికి ఏ సహాయం అవసరం అని కూడా చూస్తుంది.

మారగలవి ఏడు

కెనడాలో రాబర్ట్ హోజ్, డొనాల్డ్ ఆండ్రూస్ అనే పరిశోధకులు దీనికోసం 42 అంశాలతో ఒక పట్టిక తయారుచేశారు. అందులో ఎనిమిది భాగాలున్నాయి. పూర్వం చేసిన నేరాలు, కుటుంబం, చదువు లేక పని, స్నేహితులు, మత్తు అలవాట్లు, తీరిక వేళలు, స్వభావం, మనసులోని ధోరణి. మొదటిది జరిగిపోయింది, దాన్ని ఎవరూ మార్చలేరు. తక్కిన ఏడూ మారగలవే! ఇంకొక మాట కూడా పరిశోధనల్లో తేలింది. చిన్న తప్పు చేసిన పిల్లవాణ్ని ముదిరినవారితో కలిపి ఉంచితే మేలుకంటే కీడే ఎక్కువ.

ఆ ఏడింటినీ మన పల్లెల్లో వెతకండి. కరువు ఏడు తల్లిదండ్రులు వలసపోతే పిల్లవాడు అవ్వ దగ్గర మిగులుతాడు. పత్తి విత్తనపు చేలలో క్రాసింగ్ పనికి పోయి బడి మానిన పిల్లలను 2000 ప్రాంతాల్లో మనమంతా చూశాం. సాయంత్రం పోవడానికి చోటు లేనివాణ్ని పెద్ద వయసు వాళ్లు చేరదీసి, చేయరాని పనికి పంపుతారు.

మా అబ్బాయి విషయంలో జరిగిందీ ఇదే. తండ్రి దూరాన కూలిపనిలో ఉన్నాడు. బడి మాని రెండేళ్లయింది. సావాసం పెద్దవాళ్లతో. ఇవన్నీ ఆఫీసరు ఇరుగుపొరుగును అడిగి తెలుసుకున్నారు. ప్రతి వారం గుడిలో చూస్తున్న నాకు మాత్రం తెలియలేదు! చివరకు మేనమామ బాధ్యత తీసుకున్నాడు. మండలి ఆ అబ్బాయిని ప్రొబేషన్ మీద ఆయనకు అప్పగించింది. ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి కట్టించారు.

మనం చేయవలసినది

విచారణకు అధికారి వచ్చినప్పుడు పరువు కోసం దాచకండి, పాత కక్షతో లేనిది కల్పించకండి. తెలిసిన నిజం చెప్పండి. దాంతోపాటు “మేము ఇది చేయగలం” అని కూడా చెప్పండి. సాయంత్రం చదువు చెప్పే మాస్టరు, ఐటీఐలో చేర్పించే పెద్ద, వారానికి ఒకసారి ఇంటికి వెళ్లి పలకరించే దంపతులు మన సంఘాల్లో లేరా? ఆపద ముందే కనిపిస్తే 1098కు ఫోను చేయవచ్చు.

ఒనేసిము కోసం పౌలు ఫిలేమోనుకు రాసిన ఉత్తరం గుర్తుందా? జరిగిన నష్టాన్ని ఆయన దాచలేదు. ఆ బాకీ తన లెక్కలో వేసుకొమ్మన్నాడు. ఆనాడు నేను రాసిన కాగితంలో ఆ బాధ్యత లేదు. ఈసారి ఏ తల్లి అయినా వస్తే, కలం తీయకముందు ఆమె ఇంటికి వెళ్లి కూర్చుంటాను.