పార్లమెంటులో ఆరోగ్య మంత్రి మాట: అపోహలు – వాస్తవాలు

2021 జూలై 20. కొవిడ్ రెండో వేవ్ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. ఆక్సిజన్ అందక దేశంలో ఎవరూ చనిపోలేదని కేంద్రం పార్లమెంటులో చెప్పిందంటూ ఆ సాయంత్రం టీవీల్లో స్క్రోలింగులు పరుగెత్తాయి. సిలిండర్ కోసం రాత్రంతా ఊరు ఊరంతా తిరిగినవాళ్లకు, చివరికి ఖాళీ చేతులతో ఆస్పత్రి గుమ్మం ఎక్కినవాళ్లకు ఆ మాట పుండు మీద కారం చల్లినట్టయింది. ఆ కోపం న్యాయమైనదే. అయితే సభలో చెప్పిన మాట సరిగ్గా అది కాదు.

ఆ రోజు రాజ్యసభకు ఆరోగ్య శాఖ ఇచ్చిన రాతపూర్వక జవాబులో మూడు సంగతులున్నాయి. ఆరోగ్యం రాష్ట్రాల అంశం. కేసులు, మరణాల లెక్కలు రాష్ట్రాలే పంపుతాయి. ఆక్సిజన్ కొరత వల్లే చనిపోయారని ప్రత్యేకంగా పేర్కొంటూ ఏ రాష్ట్రమూ, ఏ కేంద్రపాలిత ప్రాంతమూ లెక్క పంపలేదు. ఎవరూ చనిపోలేదనడానికీ, చనిపోయినట్టు తమకెవరూ రాసి పంపలేదనడానికీ చాలా తేడా ఉంది. ఆ తేడా పట్టుకుంటే నిలదీయాల్సింది ఎవరినో, ఏమని నిలదీయాలో తెలుస్తుంది. పట్టుకోకపోతే తిట్టడం ఒక్కటే మిగులుతుంది.

తెలుగువాళ్లకు ఈ తేడా మరీ దగ్గరిది. ఆ ఏడాది మే 10 రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి 11 మంది చనిపోయారని అప్పుడే అధికారులు ప్రకటించారు. ఊరంతా చూసింది, రాష్ట్రమంతా ఏడ్చింది. అయినా జూలై 20 నాటి జవాబులో ఆ మరణాల ఊసు లేదు. సభలో గొడవ అయ్యాక కేంద్రం రాష్ట్రాలను వివరాలు అడిగింది. ఆగస్టు 10న మళ్లీ అదే రాజ్యసభలో వచ్చిన జవాబులో ఆంధ్రప్రదేశ్ పేరు కనిపించింది. తిరుపతి ఎస్వీఆర్ఆర్ ఆస్పత్రిలో, అంటే అదే రుయాలో, వెంటిలేటర్ మీదున్న కొందరు మే 10న చనిపోయారని, 10 కిలోలీటర్ల ట్యాంకులో మట్టం తగ్గడానికీ, ప్రత్యామ్నాయ సిలిండర్ల వ్యవస్థ అందుకోవడానికీ మధ్య పైపుల్లో ఒత్తిడి పడిపోయినట్టు ప్రాథమిక విచారణలో తేలిందని అందులో ఉంది. మూడు నెలల కిందట రోగుల బంధువులు గుండెలు బాదుకుంటూ చెప్పిందే అప్పటికి పార్లమెంటు రికార్డులోకి ఎక్కింది.

మొదటి జవాబు అబద్ధమా? అక్షరాలా చూస్తే కాదు. మరణ ధ్రువపత్రంలో డాక్టరు రాసేది జబ్బు పేరు. ట్యాంకరు ఆలస్యమైందని అందులో రాయరు. రాష్ట్రాలు పంపే లెక్కలోనూ అది కనబడదు. కానీ ఎవరూ చెప్పలేదని సభకు రాసే శాఖ, తాము అడిగామో లేదో కూడా ఆ పక్కనే రాయాలి. జూలై జవాబులో లోపం అక్కడుంది. ఆ లోపాన్ని పట్టి అడిగితేనే ఆగస్టు జవాబు వచ్చింది.

అపోహ: ఆరోగ్యం రాష్ట్రాలది, కేంద్ర మంత్రిని అడిగి లాభం లేదు

ఇది సగం నిజం. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో ఆరో అంశంగా ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, ఆస్పత్రులు, డిస్పెన్సరీలు ఉన్నాయి. ఏరియా ఆస్పత్రిలో డాక్టర్ లేకపోయినా, పీహెచ్‌సీకి తాళం పడినా బాధ్యత రాష్ట్రానిదే.

మిగతా సగం ఉమ్మడి జాబితాలో ఉంది. మందులు, విషపదార్థాలు 19వ అంశం. ఆహార కల్తీ 18. వైద్య వృత్తి 26. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి అంటురోగాలు పాకకుండా చూడడం 29. ఓడరేవుల్లో క్వారంటైన్ అయితే అచ్చంగా కేంద్ర జాబితాలోనే ఉంది. కాబట్టి కొత్త మందుకు అనుమతి గురించో, మెడికల్ సీట్ల గురించో, మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లో ఖాళీల గురించో అడిగితే రాష్ట్రాల అంశమని తప్పుకొనే వీల్లేదు. జాతీయ ఆరోగ్య మిషన్‌లో తెలుగు రాష్ట్రాల లాంటి వాటికి నూటికి 60 రూపాయలు కేంద్రం ఇస్తుంది, 40 రాష్ట్రం పెడుతుంది. ఆ 60 ఎక్కడ ఆగిందో అడిగే హక్కు పార్లమెంటుకు ఉంది.

చాలామంది ఎంపీలు తమ ఊరి ఆస్పత్రి కష్టాన్ని ఉన్నదున్నట్టు ప్రశ్నగా పెడతారు. వచ్చే జవాబులో మొదటి వాక్యం ఎప్పుడూ ఒకటే, ఆరోగ్యం రాష్ట్రాల అంశమని. అదే కష్టాన్ని ఉమ్మడి జాబితాలోని అంశం మీదుగానో, కేంద్రం నిధుల మీదుగానో అడిగితే జవాబులో అంకెలు వస్తాయి.

అపోహ: ఎయిమ్స్ నెహ్రూ కట్టించినది

నెహ్రూ అండ లేకుండా అది లేచేది కాదు, నిజమే. పట్టుబట్టి లేపిన మనిషి మాత్రం తొలి ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్. కపుర్తలా రాజవంశంలో పుట్టి, ఏళ్ల తరబడి గాంధీజీకి కార్యదర్శిగా పనిచేసి, 1947 నుంచి 1957 వరకు ఆరోగ్య శాఖ నడిపిన మనిషి. 1950లో ప్రపంచ ఆరోగ్య సభకు అధ్యక్షురాలైన తొలి మహిళ కూడా ఆమే.

జాతీయ స్థాయిలో ఒక వైద్య విద్యాసంస్థ ఉండాలని 1946లోనే భోర్ కమిటీ సిఫారసు చేసింది. సిఫారసు కాగితం మీద ఉంది, డబ్బు ఎక్కడా లేదు. కొలంబో ప్రణాళిక కింద న్యూజిలాండ్ పది లక్షల పౌండ్లు ఇచ్చింది. 1952లో పునాదిరాయి పడింది. 1956 ఫిబ్రవరి 18న అమృత్ కౌర్ లోక్‌సభలో ఎయిమ్స్ బిల్లు పెట్టారు. పైచదువులకు మన పిల్లలు విదేశాలకు పోనక్కర్లేకుండా ఇక్కడే చదువుకునే సంస్థ ఉండాలన్నది తన చిరకాల స్వప్నమని ఆ రోజు సభకు చెప్పారు. ఆ ఏడాదే చట్టమైంది.

ఆ చట్టం ఎయిమ్స్‌ను సర్కారు ఆఫీసుల్లో మరో ఆఫీసుగా కాక, పార్లమెంటు చట్టంతో పుట్టిన స్వయంప్రతిపత్తి సంస్థగా నిలబెట్టింది. కొత్త ఎయిమ్స్‌లన్నీ 2012లో సవరించిన అదే చట్టం నీడన ఉన్నాయి. మంగళగిరి ఎయిమ్స్‌కు మూలం 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టంలోని 13వ షెడ్యూలు. సిమ్లాలోని తన పూర్వీకుల ఇంటిని కూడా అమృత్ కౌర్ ఎయిమ్స్‌కే రాసిచ్చారు. ఇంత చేసిన మనిషి పేరు మన పాఠ్యపుస్తకాల్లో వెతికితే తప్ప దొరకకపోవడం అన్యాయం.

టీకాల మీద తగాదాలు సోషల్ మీడియాతో పుట్టాయని అనుకునేవాళ్లకు ఆమె కాలం నుంచే ఇంకో సంగతి. క్షయ నివారణకు బీసీజీ టీకా వేస్తుంటే సాక్షాత్తూ రాజాజీ దాన్ని వ్యతిరేకించారు, ఏకంగా ఒక పుస్తకమే వేశారు. అమృత్ కౌర్ టీకా వైపు గట్టిగా నిలబడ్డారు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం చుట్టుపక్కల పల్లెల్లో 1950లలో బీసీజీ మీద పరిశోధన జరిగింది. పెద్దవాళ్లలో ఊపిరితిత్తుల క్షయను ఈ టీకా అంతగా ఆపలేదని తర్వాత చెంగల్పట్టు పరిశోధనలో తేలింది. పసిపిల్లల్ని మెదడు పొరలకు సోకే క్షయ లాంటి తీవ్రమైన రూపాల నుంచి మాత్రం కాపాడుతుంది. అందుకే ఈనాటికీ పుట్టిన బిడ్డకు వేసే తొలి టీకాల్లో అది ఉంది.

అపోహ: డాక్టరైతేనే మంచి ఆరోగ్య మంత్రి

సుశీలా నయ్యర్ నుంచి హర్షవర్ధన్ దాకా డాక్టర్లు ఈ శాఖను చూశారు. అమృత్ కౌర్ డాక్టరు కాదు. 2003లో పొగాకు నియంత్రణ చట్టం వచ్చినప్పుడు మంత్రిగా ఉన్న సుష్మా స్వరాజ్ న్యాయవాది. మన పి.వి. నరసింహారావు కూడా రాజీవ్ గాంధీ ప్రభుత్వంలో కొంతకాలం ఈ శాఖ చూశారు.

వీళ్లందరిలో తెలుగువాళ్లు బొత్తిగా మరిచిపోయిన పేరు శ్రీపతి చంద్రశేఖర్‌ది. 1918లో రాజమండ్రిలో పుట్టారు. చదివింది జనాభా శాస్త్రం. 1967లో ఆరోగ్య, కుటుంబ నియంత్రణ శాఖ మంత్రి అయ్యారు. గోడల మీద తలకిందుల ఎర్ర త్రికోణం, 1968లో కిరాణా కొట్లలోకి వచ్చిన నిరోధ్ కండోమ్ ప్యాకెట్, మూడింటికి 15 పైసలు: ఇవన్నీ ఆ రోజుల జ్ఞాపకాలు. గర్భస్రావాన్ని కొన్ని షరతులతో చట్టబద్ధం చేసే బిల్లు 1969లో రాజ్యసభకు వచ్చే నాటికి ఆయన ఆ శాఖలోనే ఉన్నారు.

ఆ బిల్లు 1971లో చట్టమై 1972 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. యాభై ఏళ్లు దాటినా మన దేశంలో గర్భస్రావం నేరమని నమ్మేవాళ్లు వీధికొకరు కనిపిస్తారు. ఆ భయంతోనే ఆడపిల్లలు దొంగచాటుగా నాటు వైద్యుల దగ్గరికి పోయి ప్రాణాల మీదికి తెచ్చుకుంటున్నారు. చట్టంలోని షరతులకు లోబడి, అర్హత ఉన్న డాక్టరు, అనుమతి ఉన్న ఆస్పత్రిలో చేస్తే అది నేరం కాదు. 2021 సవరణతో అత్యాచార బాధితుల వంటి కొన్ని వర్గాల స్త్రీలకు గడువు 24 వారాలకు పెరిగింది. నేరమయ్యేది కడుపులో ఉన్నది ఆడా మగా అని చూపించుకోవడం. దానికి 1994లో వచ్చిన చట్టం వేరు. ఈ రెండింటినీ కలగలిపి మాట్లాడడం వల్ల జరిగే నష్టం చాలా పెద్దది.

అపోహ: ఎమర్జెన్సీలో నిర్బంధ ఆపరేషన్లకు పార్లమెంటు చట్టం చేసింది

చేయలేదు. 1976 ఏప్రిల్‌లో నాటి మంత్రి కరణ్ సింగ్ ప్రకటించింది జాతీయ జనాభా విధానం. నిర్బంధ స్టెరిలైజేషన్ మీద కేంద్ర చట్టం తేవడం లేదంటూనే, రాష్ట్రాలు తలపెడితే అడ్డుపడబోమని అందులో ఉంది. మహారాష్ట్ర శాసనసభ అలాంటి బిల్లును ఆమోదించినా దానికి రాష్ట్రపతి సంతకం పడలేదు. మరి 1976-77లో 80 లక్షలకు పైగా జరిగిన ఆపరేషన్లు? టార్గెట్లతో, జీతాల మీద ఒత్తిడితో, రేషన్ కార్డుల బెదిరింపులతో చాలాచోట్ల జనాన్ని ఈడ్చుకొచ్చి చేయించినవి. చట్టం లేకుండానే అంత జరిగిందన్నదే భయపడాల్సిన సంగతి. సభలో బిల్లుగా వచ్చి ఉంటే కనీసం చర్చ, ఓటింగ్, రికార్డు ఉండేవి. కుటుంబ నియంత్రణను ఉమ్మడి జాబితాలో 20ఏ అంశంగా చేర్చిందీ ఆ రోజుల్లో వచ్చిన 42వ సవరణే.

అపోహ: ఢిల్లీలో బిల్లు పాసైతే తెల్లారేసరికి మన దగ్గరా చట్టమే

1994 నాటి అవయవ మార్పిడి చట్టం చూడండి. ఆస్పత్రులు రాష్ట్రాల అంశం కాబట్టి, రాజ్యాంగం 252వ అధికరణ ప్రకారం కొన్ని రాష్ట్రాలు తీర్మానం చేసి కోరితే పార్లమెంటు ఆ చట్టం చేసింది. మొదట గోవా, హిమాచల్ ప్రదేశ్, మహారాష్ట్రల్లోనూ, కేంద్రపాలిత ప్రాంతాల్లోనూ అమలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లో సొంత చట్టం చేసుకుంది. కేంద్ర చట్టాన్ని స్వీకరిస్తూ తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది 2025 మార్చిలో. ఢిల్లీలో ఓటు పడిన ముప్పై ఏళ్లకు!

అపోహ: సభలో మంత్రి ఇచ్చే హామీ నీటి మీద రాత

హామీకి పార్లమెంటులో ఖాతా పుస్తకం ఉంది. పరిశీలనలో ఉందని, సమాచారం సేకరించి సభ ముందు పెడతామని మంత్రి అన్నారంటే అది హామీ కింద నమోదవుతుంది. మూడు నెలల్లో తీర్చాలి, లేదా గడువు అడగాలి. దీని మీద కన్నేసి ఉంచే ప్రభుత్వ హామీల కమిటీ లోక్‌సభలో 1953 నుంచి ఉంది. జవాబులో తప్పు దొర్లితే స్పీకర్ 115వ ఆదేశం కింద ఎంపీ ఎత్తిచూపవచ్చు, మంత్రి దిద్దుకోవాలి.

సభలో కేకలు చూసి అసలు పనే జరగదనుకునేవాళ్లు ఆరోగ్య శాఖ స్థాయీ సంఘం నివేదికలు ఒకసారి తిరగేయాలి. లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది అందులో ఉంటారు, మంత్రులకు చోటు లేదు. భారత వైద్య మండలి పనితీరును 2016లో ఈ సంఘం నిర్మొహమాటంగా ఎండగట్టింది. ఆ మండలి స్థానంలో జాతీయ వైద్య కమిషన్‌ను పెట్టే చట్టం 2019లో వచ్చింది.

లోక్‌సభలో రోజుకు 20 ప్రశ్నలకు మంత్రులు నోటిమాటగా బదులిచ్చే ఏర్పాటుంది. నక్షత్రం గుర్తున్న ఆ ప్రశ్నల జాబితా ఆకుపచ్చ కాగితం మీద అచ్చవుతుంది. మరో 230 ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబులొస్తాయి. ప్రశ్న వేయాలంటే ఎంపీ మామూలుగా 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మీ ఊళ్లో మందుల నాణ్యత మీద అనుమానం ఉందా? మీ జిల్లాకు రావాల్సిన ఆరోగ్య మిషన్ నిధులు ఆగాయా? తేదీలు, ఆస్పత్రి పేరు, బిల్లుల నకళ్లు జతచేసి, సమావేశాలు మొదలవక ముందే మీ ఎంపీకి ఒక ఉత్తరం రాయండి. ఆరోగ్యం రాష్ట్రాల అంశమని తప్పుకొనే వీలు లేకుండా ప్రశ్న ఏ అంశం మీద వేయాలో అందులోనే చెప్పండి. జవాబు వచ్చాక టీవీ స్క్రోలింగులో కాకుండా పార్లమెంటు ప్రచురించే పూర్తి పాఠంలో చదవండి.