రుచి మరిగిన ఎలుగు

కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కులో 1998లో ఎలుగుబంట్లు మనుషుల సామాన్ల మీద పడ్డ సంఘటనలు 1,584 నమోదయ్యాయి. నష్టం 6.5 లక్షల డాలర్లు దాటింది. చాలావరకు అది కార్లకు జరిగిన నష్టమే. ఎలుగు కారు తెరవడానికి తాళంతో పని లేదు. తలుపు పైఅంచుకూ కప్పుకూ మధ్యనున్న సన్నని సందులో గోళ్లు దూరుస్తుంది, ఒంటి బరువంతా వేసి వెనక్కి లాగుతుంది. తలుపు చట్రం కిందికి వంగిపోతుంది, అద్దం పొడిపొడిగా రాలుతుంది. లోపలికి దూరాక వెనక సీటు చీల్చుకుని డిక్కీలోకి వెళ్తుంది. అంత శ్రమా ఎందుకంటే అక్కడ ఐస్ పెట్టె ఉందని దానికి తెలుసు. వాసన వల్ల కొంత, ఆకారం చూసి కొంత. కూలర్ అనే ఆ డబ్బా ఎలా ఉంటుందో యోసెమిటీ ఎలుగులు కళ్లతో గుర్తుపట్టగలవు.

ఆ పార్కులో ఉన్న ఎలుగులు 300 నుంచి 500. వాటిలో ఇలాంటి పనులకు దిగేవి కొన్నే. ఆ కొన్నిటికీ ఈ విద్య ఎలా వచ్చింది, మళ్లీ ఎలా తగ్గింది అన్నదే ఈ వ్యాసం.

ముందు ఆ జంతువు సంగతి. ఇది అమెరికన్ నల్ల ఎలుగు. పేరుకే నలుపు, యోసెమిటీలో చాలావాటికి గోధుమరంగు బొచ్చు ఉంటుంది. కాలిఫోర్నియా జెండా మీద కనిపించేది ఇది కాదు, గ్రిజ్లీ. ఆ రాష్ట్రంలో గ్రిజ్లీలు 1920ల నాటికే అంతరించిపోయాయి. నల్లమలలోనూ ఉద్దానం జీడితోటల్లోనూ తిరిగే మన ఎలుగు మరో జాతి. చెదలు, చీమలు, తేనె, ఇప్పపూలు దాని తిండి, ఎదురుపడితే మీదికొచ్చే స్వభావం. కాబట్టి కింద చెప్పబోయే జాగ్రత్తలు నల్ల ఎలుగుకే తప్ప మన ఎలుగుకు వర్తించవు.

నల్ల ఎలుగు ఆహారంలో ఎక్కువ భాగం శాకాహారమే. వసంతంలో పచ్చిక, వేసవిలో చిన్నచిన్న అడవిపళ్లు, చీమలు, కుళ్లిన దుంగల్లోని పురుగులు, ఆకులు రాలే కాలంలో ఓక్ చెట్ల గింజలు. శీతాకాలమంతా గుహలోనో చెట్టు తొర్రలోనో ఏమీ తినకుండా పడుకోవాలి గనక అంతకుముందు కొన్ని వారాలు ఆకలి విపరీతంగా పెరుగుతుంది. ఆ రోజుల్లో ఒక ఎలుగు రోజుకు 20,000 కేలరీల దాకా తినగలదు. ఆడ ఎలుగుకు ఈ కొవ్వు మరీ ముఖ్యం. జూన్, జులైలలో జతకట్టినా పిండం వెంటనే గర్భాశయానికి అంటుకోదు, నెలల తరబడి అలాగే ఆగి ఉంటుంది. చలికాలానికి ముందు ఒంట్లో చాలినంత కొవ్వు చేరితేనే గర్భం నిలుస్తుంది, లేకపోతే పిండం కరిగిపోతుంది. పిల్లలు జనవరి, ఫిబ్రవరిలలో గుహలోనే పుడతాయి. సుమారు ఏడాదిన్నర తల్లి వెంటే తిరిగి, ఎప్పుడు ఎక్కడ ఏం దొరుకుతుందో తల్లిని చూసి నేర్చుకుంటాయి.

ఇలాంటి జంతువుకు ఒక వేరుశనగ వెన్న సీసా దొరికితే ఏమవుతుంది? గంటల తరబడి చీమల పుట్టలు తవ్వితే వచ్చే శక్తి ఒక్క సీసాలో వస్తుంది. ఎలుగు తెలివైనది, దాని జ్ఞాపకశక్తి గొప్పది. ఒక్క అనుభవం చాలు. దాని వెనకే కూర్చున్న పిల్లలకు ఆ అనుభవం కూడా అక్కర్లేదు, చూస్తే చాలు.

ఇప్పుడు చరిత్రకు వద్దాం. యోసెమిటీలో ఎలుగులకు మనుషుల తిండి అలవాటు చేసింది దారిన పోయే యాత్రికులు మాత్రమే కాదు, పార్కు యంత్రాంగమే. 1923 నుంచి హోటళ్ల ఎంగిలి తెచ్చి ఒకచోట పోసి, జనాన్ని కూర్చోబెట్టి ఎలుగులను చూపించారు. రాత్రిపూట విద్యుద్దీపాలు వేసి మరీ చూపించారు. క్యాంపుల్లోకి రాకుండా వాటిని ఒకచోట ఉంచినట్టూ అవుతుంది, సందర్శకులకు వేడుకా అవుతుంది అనుకున్నారు. యెల్లోస్టోన్ పార్కులోనూ చెత్తగుట్టల దగ్గర ఇదే తంతు. 1967 ఆగస్టులో గ్లేసియర్ నేషనల్ పార్కులో ఒకే రాత్రి రెండు వేర్వేరు చోట్ల ఇద్దరు యువతులను గ్రిజ్లీలు చంపాయి. ఆ రెండుచోట్లా ఎలుగులు మనుషుల తిండికి అలవాటుపడ్డవే. దేశమంతా ఉలిక్కిపడింది. యోసెమిటీలో చివరి మేత స్థలాన్ని 1971లో మూసేశారు.

మూసేశారు గనక సమస్య తీరిందనుకుంటాం. తీరలేదని ఎముకలూ వెంట్రుకలూ చెబుతున్నాయి. నాకు ఈ కథలో అన్నిటికంటే అపురూపంగా తోచేది ఈ భాగమే.

అవి ఎలా చెబుతాయంటే, కర్బనంలో రెండు స్థిరమైన ఐసోటోపులు ఉన్నాయి, కార్బన్-12, కాస్త బరువైన కార్బన్-13. కిరణజన్య సంయోగక్రియ అన్ని మొక్కల్లోనూ ఒకే దారిలో జరగదు. మొక్కజొన్న, చెరకు, జొన్న, సజ్జ లాంటివి ఒక దారిలో కర్బనాన్ని పట్టుకుంటాయి. వరి, గోధుమ, చాలా చెట్లు, పొదలు మరో దారిలో. మొదటి రకంలో కార్బన్-13 వాటా కొంచెం ఎక్కువగా మిగులుతుంది. యోసెమిటీ అడవిలో ఎలుగు తినే మొక్కలన్నీ దాదాపు రెండో రకమే. అమెరికన్ల తిండి మాత్రం ఎటు తిరిగినా మొక్కజొన్న దగ్గరికే వస్తుంది. కోడి, పంది, పశువు అన్నీ మొక్కజొన్న తిని పెరిగినవే, శీతల పానీయాల్లో తీపి కూడా చాలావరకు మొక్కజొన్న నుంచి తీసిందే. అలాగే మాంసం ఎక్కువగా తినేవాళ్ల ఒంట్లో నైట్రోజన్-15 పెరుగుతుంది. ఈ రెండు కొలతలూ కలిపి చూస్తే ఒక ఎలుగు అడవి తిండి ఎంత తిన్నదో, మనుషుల తిండి ఎంత తిన్నదో లెక్క తేలుతుంది. వెంట్రుక వేసవి నుంచి ఆకురాలు కాలం దాకా పెరుగుతుంది గనక ఆ రుతువు భోజనమంతా అందులో నమోదై ఉంటుంది. ఎముకలోనైతే ఏళ్ల భోజనం ఉంటుంది.

పరిశోధకుడు జాక్ హాప్కిన్స్, ఆయన సహచరులు మ్యూజియాల్లో భద్రపరిచిన పాత ఎముకలనూ బొచ్చునూ, ఈ కాలపు ఎలుగుల వెంట్రుకలనూ ఇలా పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించారు. మనుషుల తిండి మరిగిన ఎలుగుల ఆహారంలో ఆ తిండి వాటా 1890 నుంచి 1922 మధ్య 13 శాతం. ఎంగిలి మేపిన 1923–1971 కాలంలో 27 శాతం. మేత ఆపేశాక, 1975–1985 మధ్య, 35 శాతం! తగ్గాల్సింది పెరిగింది. ఎదురుగా పెట్టే విస్తరి లేకపోయేసరికి ఎలుగులు నేరుగా క్యాంపుల్లోకీ కార్ల దగ్గరికీ నడిచాయి. నేర్చిన విద్య వాటి తలల్లో ఉండనే ఉంది, మన తిండి వాటి దారిలో ఉండనే ఉంది. చివరి దశ 1999–2007. అప్పటికి వాటా మళ్లీ 13 శాతానికి, అంటే నూరేళ్ల కిందటి స్థాయికి దిగింది.

1999లో ఏం మారింది? అమెరికా కాంగ్రెస్ ఏటా 5 లక్షల డాలర్లు ఈ ఒక్క పనికి కేటాయించడం మొదలుపెట్టింది. క్యాంపుల్లో, కార్ల పార్కింగ్‌లలో తిండి దాచుకునే ఉక్కు పెట్టెలు, చెత్తకు ఎలుగు తెరవలేని డబ్బాలు, రాత్రి గస్తీ, తనిఖీలు వచ్చాయి. ఆ చెత్తడబ్బా గొళ్లెం చూడదగ్గది. పైన ఇనుప రేకు కప్పి ఉంటుంది, మనం వేళ్లు కిందినుంచి పైకి దూర్చి లోపలి మీటను నొక్కాలి. మన చెయ్యి పడుతుంది, ఎలుగు పంజా పట్టదు. అంతే తేడా. సంఘటనలు 1998తో పోలిస్తే 90 శాతానికి పైగా తగ్గాయి. తుపాకీ చేయలేని పని, ఎలుగును పట్టుకెళ్లి వంద మైళ్ల అవతల వదిలితే జరగని పని ఈ పెట్టెలు చేశాయి. దూరంగా వదిలిన ఎలుగు దారి వెతుక్కుని తిరిగి రావడం మామూలే. రాకపోతే కొత్తచోట అదే దొంగతనం మొదలుపెడుతుంది. చివరికి మనుషులంటే భయం పూర్తిగా పోయి గుడారాల్లోకి దూరడం మొదలైతే చంపక తప్పదు. తిండి పెట్టిన ఎలుగు చచ్చిన ఎలుగే అని అక్కడి రేంజర్లు అనేది అందుకే.

బే ఏరియాలో మనవాళ్లకు యోసెమిటీ కారులో నాలుగు గంటల దూరం. ఫ్రీమాంట్, సన్నీవేల్, శాన్ హోసేల నుంచి తెలుగు కుటుంబాలు జట్లుగా వెళ్తాయి. తమ్ముడి కుటుంబంతో నేనూ అక్కడి క్యాంపులో గడిపాను. చీకటి పడేలోగా కారు ఖాళీ చేయాలి. పులిహోర డబ్బా, ఆవకాయ సీసా పెట్టెలో పెట్టాలని ఎవరికైనా తెలుస్తుంది. తెలియనివే అసలు సమస్య. టూత్‌పేస్టు, సబ్బు, కొబ్బరినూనె, పసిపిల్లలకు తుడిచే తడి కాగితాలు, పెదాలకు రాసుకునే మైనం, మూత తీయని డబ్బా తిండి కూడా పెట్టెలోకే వెళ్లాలి. ఎలుగుకు ఇవన్నీ తిండి వాసనలే. మరదలు పిల్లాడి కారు సీటు ఊడదీసి, సందుల్లోంచి చెగోడీ ముక్కలూ బిస్కెట్ పొడీ ఏరుతూ, "ఇంతోటి దానికి వస్తుందా వదినా?" అంది.

వస్తుంది. 2001 నుంచి 2007 దాకా యోసెమిటీలో ఎలుగులు పగలగొట్టిన వాహనాలను పరిశోధకులు లెక్కగట్టి చూస్తే, పార్కుకు వచ్చే వాహనాల్లో మినీవ్యాన్ల వాటా తక్కువైనా పగిలినవాటిలో అవే ముందున్నాయి. కారణాలు వాళ్లు ఊహించారు. పిల్లలున్న కుటుంబాలు మినీవ్యాన్లలో వస్తాయి, పిల్లలు సీట్ల మీద పళ్లరసం ఒలకబోస్తారు, బిస్కెట్లు రాలుస్తారు. పక్క అద్దాలు సులువుగా పగులుతాయి కూడా. మరదలి సందేహానికి నేను చెప్పిన జవాబు ఇదే. పగటిపూట కిటికీలు మూసి, కనపడకుండా తిండి కారులో ఉంచవచ్చు. చీకటి పడ్డాక మాత్రం వీల్లేదు. ఉంచితే 5,000 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు.

కాలినడకన కొండల్లోకి వెళ్లి బసచేసేవాళ్లకు పెట్టెలుండవు. పూర్వం తిండి సంచిని తాడుతో చెట్టుకొమ్మకు వేలాడదీసేవారు. ఎలుగులు తాడు కొరకడం నేర్చాయి. సన్నని కొమ్మైతే తల్లి కింద నిలబడి, పిల్లను పైకి పంపడం నేర్చాయి. అందుకే ఇప్పుడు గట్టి ప్లాస్టిక్ డబ్బా వెంట తీసుకెళ్లడం తప్పనిసరి. నున్నగా, దవడకు పట్టనంత లావుగా ఉంటుంది. దానికీ ఒకచోట ఓటమి ఎదురైంది. న్యూయార్క్ రాష్ట్రంలోని అడిరాండాక్ కొండల్లో, రెండు చెవులకూ పసుపు బిళ్లలున్న ఒక చిన్న ఆడ ఎలుగు డబ్బా మూత నొక్కును పంటితో నొక్కి తెరవడం కనిపెట్టింది. తయారుచేసినవాళ్లు రెండో నొక్కు చేర్చారు. దాన్నీ తెరిచింది. 2012లో అది వేటలో చనిపోయింది. ఎలుగు తెలివిని తక్కువ అంచనా వేసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తిండి దొరికితే ఎలుగుకు మేలేగా అని దయతో అనేవాళ్లూ ఉన్నారు. కొలరాడోలో ఆడ ఎలుగుల మీద జరిపి 2019లో ప్రచురించిన పరిశోధన వాళ్లు చూడాలి. మనుషుల తిండి ఎక్కువగా తిన్న ఎలుగులు శీతాకాలంలో తక్కువ రోజులు నిద్రపోయాయి. తక్కువ నిద్రపోయినవాటి కణాల్లో, క్రోమోజోముల చివరలుండే టెలోమియర్లు ఎక్కువగా అరిగాయి. అది కణాలు ముదురుతున్నాయనడానికి గుర్తు. కడుపు నిండినా ఒళ్లు లోపల త్వరగా వయసు మీరుతోందన్నమాట.

మన దగ్గర శ్రీశైలం రోడ్డు మీద కార్లు ఆపి కోతులకు అరటిపళ్లు, చిప్స్ విసిరేవాళ్లను చూసినప్పుడల్లా నాకు 1923 నాటి ఆ ఎంగిలి మేత గుర్తొస్తుంది. ఆ రోడ్డు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోంచి వెళ్తుంది, రాత్రిళ్లు రాకపోకలు ఆపేస్తారు కూడా. కోతి రోడ్డు పక్కన కూర్చోవడం నేర్చుకున్నది మన చేతిలోంచే. తర్వాత అది బండి కింద పడితే, పిల్ల చేతిలో పొట్లం లాక్కుంటే, తప్పు కోతిదని అనడం అన్యాయం. అలవాటు మాన్పించడానికి యోసెమిటీకి ఎన్ని దశాబ్దాలు పట్టిందో చూశాం.

యోసెమిటీలో కొత్త ప్రమాదం కార్ల వేగం. 1995 నుంచి అక్కడ 400కు పైగా ఎలుగులను వాహనాలు గుద్దాయి. గుద్దినచోట ఎర్ర ఎలుగు బొమ్మ ఉన్న పలక పాతుతారు. అది కనిపిస్తే వేగ పరిమితి కన్నా తక్కువలో పోవాలి. ఎలుగు కనిపిస్తే కనీసం 50 గజాల దూరం ఉండాలి. క్యాంపులోకే వస్తే పిల్లలను దగ్గరికి తీసుకుని, అందరూ కలిసి గట్టిగా అరిచి తరమాలి. పారిపోయే దారి దానికి వదలాలి. అది వెళ్లిపోయింది కదా, రేంజర్లకు చెప్పడం ఎందుకు, చెబితే దాన్ని చంపుతారేమో అని ఊరుకునేవాళ్లు ఉంటారు. అప్పుడే చెప్పాలి. తిండి రుచి తెలియకముందే తెలిస్తే రబ్బరు గుండ్లతో, అరుపులతో దాన్ని బెదిరించి అడవిలోకి మళ్లించగలుగుతారు. రుచి మరిగాక తెలిస్తే వాళ్ల చేతుల్లో మిగిలే దారులు చాలా తక్కువ.