మీకు తెలుసా? హార్మోన్ బిళ్ల అల్లరి!

రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా రోజూ వేసుకునే టామోక్సిఫెన్ బిళ్ల ఉంది చూశారూ, అది అసలు క్యాన్సర్ కోసం పుట్టిందే కాదు! 1962లో ఇంగ్లండ్‌లో గర్భం రాకుండా ఉండేందుకని తయారుచేశారు. తీరా ఆడవాళ్లకిచ్చి చూస్తే అండం విడుదల ఇంకా జోరందుకుంది! ఆ పరీక్షలో తప్పిన బిళ్లే ఇప్పుడు లక్షల ప్రాణాలు నిలబెడుతోంది.

ఇది వేసుకుంటే కొందరికి ఉన్నట్టుండి ఒళ్లంతా భగ్గుమంటుంది. ఎందుకో తెలుసా? ఒంటి వేడిని చూసుకునే మీట ఒకటి మెదడులో ఉంటుంది. మామూలుగా 0.4 డిగ్రీల తేడా వచ్చినా అది పట్టించుకోదు. ఇలా వేడి ఆవిర్లు వచ్చేవాళ్లలో ఆ వెసులుబాటు దాదాపు సున్నా! కాస్త వేడి తగిలితే చాలు, చెమటలే! ఇక మే నెలలో యానాం ఉక్కపోత సంగతి చెప్పేదేముంది? పల్చటి నూలు బట్టలు, మంచం పక్కన టేబుల్ ఫ్యాను, తలగడ దగ్గర చన్నీళ్ల చెంబు పెట్టుకోండి. రాత్రిపూట వేడివేడి టీ, మరీ కారం తగ్గిస్తే కొందరికి తేడా తెలుస్తుంది. ఆవకాయ మానెయ్యమని మాత్రం నేను చెప్పను. గోదావరి వాళ్లతో గొడవెందుకండీ!

దిగులుకిచ్చే మందు ఈ సెగనీ చల్లారుస్తుంది! వెన్లాఫాక్సిన్ వేసుకున్నవాళ్లకు ఆవిర్లు 61 శాతం దాకా తగ్గాయి. కానీ చిత్రం చూడండి, దిగులుకే ఇచ్చే పరాక్సిటిన్ టామోక్సిఫెన్ పనికి అడ్డం పడగలదు! అందుకే ఇవి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే సరుకు కాదు. డాక్టరుగారే రాయాలి.

రొమ్ము క్యాన్సర్‌కే ఇచ్చే లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ బిళ్లలది ఇంకో అల్లరి. పొద్దున్నే వేళ్లు ముడుచుకోవు, జడ వేసుకోవడమే యాతన! నొప్పిగా ఉంటే కదలకూడదు అనుకుంటాం కదా? సరిగ్గా అక్కడే తిరకాసు! అమెరికాలో ఇలాంటి నొప్పులున్నవాళ్లే ఏడాదిపాటు చురుగ్గా నడిచారు, బరువులెత్తారు. బాగా వేధించే నొప్పి 29 శాతం తగ్గింది! జిమ్ దాకా ఎందుకు, గౌతమి గట్టు ఉండగా! బరువులంటారా, నీళ్లు నింపిన సీసాలతో మొదలెట్టండి.

పుస్తెలమ్మైనా పులస తినాలంటారు మనవాళ్లు. అలాంటి చేపల్లో ఉండే ఒమేగా-3 నూనె ఇలాంటి కీళ్ల నొప్పికి పనిచేస్తుందా అని 249 మంది మీద చూశారు. కొందరికి చేపనూనె గొట్టం బిళ్లలు, మిగతావాళ్లకు ఉత్తి వంటనూనెవి! ఎవరికేది ఇచ్చారో వాళ్లకు తెలీదు. రెండు జట్లకూ నొప్పి దాదాపు ఒకేలా తగ్గింది! అంచేత పులస రుచి కోసం కొనండి, కీళ్ల కోసం కాదు.

లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ బిళ్లలు ఎముకల్నీ పలచబరుస్తాయి. అప్పుడు రాగి అంబలిని చిన్నచూపు చూడకండి! హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం! అంబలి తాగాం కదా అని ఎముకల స్కాను మాత్రం ఎగ్గొట్టకండి.

ఇక చెప్పేది నవ్వులాట కాదు. టామోక్సిఫెన్‌తో కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు 2 నుంచి 3 రెట్లు పెరుగుతుంది. ఒక్క కాలే వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ముట్లుడిగాక మళ్లీ రక్తం కనిపించినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

జిప్మర్ ఆస్పత్రి అంటే పుదుచ్చేరిలోనే అనుకుంటున్నారా? 2024 ఫిబ్రవరిలో యానాంలోనూ జిప్మర్ మల్టీ స్పెషాలిటీ కన్సల్టింగ్ యూనిట్ ప్రారంభమైంది! ఏ రోజు ఏ డాక్టరు ఉంటారో ముందే కనుక్కుని వెళ్లండి.

డాక్టరు చెప్పిన గడువంతా సరిగ్గా ఈ హార్మోన్ బిళ్ల వేసుకునేవాళ్లు ఎందరంటారు? కాలిఫోర్నియాలో వేల మంది లెక్క తీస్తే 49 శాతమే! బాధ ఓర్చుకోలేక మానేసే ముందు డాక్టరుకి ఒక్క మాట చెబితే మందు మార్చే వీలుంది.

మరి ఒక్క పూట మరిచిపోతే? కంగారొద్దు! ఒంట్లో చేరిన టామోక్సిఫెన్ సగానికి తగ్గడానికే 5 నుంచి 7 రోజులు పడుతుంది! మర్నాడు రెండు బిళ్లలు మింగకండి, ఒక్కటే చాలు.